ముందుచూపు ఎవడబ్బ సొత్తు?

మాలపల్లెలో, మాదిగపేటలో డబ్బు నిలవదంట. మనకి రేపటి ధ్యాస లేదంట. కూలి డబ్బు సాయంత్రానికే చెల్లంట. ఊళ్ళో అరుగుల మీద కూర్చున్నోళ్ళు తరాలుగా ఈ మాటే అంటున్నారు. వాళ్ళని మేము ఒక్కటే అడుగుతున్నాం. నూజివీడు నుంచి చింతలపూడి దాకా ఈ మెట్టలో మామిడి అంటు నాటినవాడు కాపు కోసం నాలుగైదేళ్ళు ఎలా ఆగగలిగాడు? తెలివితోనా? పాదులు తవ్విందీ మనమే, కడవలతో నీళ్ళు మోసిందీ మనమే. బీరువాలో పట్టా ఉన్నవాడు ఆగగలడు. పూట గడిస్తే చాలనుకునేవాడు ఆగలేడు. ముందుచూపు కళ్ళలో ఉండదు, కాగితంలో ఉంటుంది.

చింతలపూడి అసెంబ్లీ సీటు 2009 ఎన్నికల నుంచి ఎస్సీ రిజర్వుడు. సీటైతే ఇచ్చారు, అద్దెగది ఇవ్వరు! మన టీచరమ్మ, మన నర్సమ్మ టు లెట్ బోర్డు చూసి తలుపు తడితే ‘మీరేవిట్లు?’ అంటారు. అలా అడగటం నామోషీ అనిపిస్తే ‘ఇంటిపేరేంటండీ? నీసు వండుతారా?’ అని చుట్టుతిప్పి అడుగుతారు. ఇది ఒక్క చింతలపూడి రోగం కాదు. సుఖదేవ్ థోరట్ బృందం ఢిల్లీ చుట్టుపక్కల ఫోన్లు చేయించి అద్దె ఇళ్ళు అడిగించింది. 2015లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. అగ్రకులం పేరు చెబితే ఎవరూ కాదనలేదు. దళిత పేరు చెబితే నూటికి 18 మంది మొహాన్నే లేదన్నారు. ముస్లిం పేరు చెబితే 31 మంది.

కొలంబియాలో చదివొచ్చిన అంబేద్కర్‌కే 1917లో బరోడాలో గది దొరకలేదు. పేరు మార్చుకుని పార్సీ సత్రంలో తలదాచుకుంటే కర్రలు పట్టుకొచ్చి వెళ్ళగొట్టారు. ఆ మనిషే 1930ల్లో బొంబాయి దాదర్‌లో రాజగృహ కట్టుకున్నాడు. గది అడిగే స్థితి నుంచి ఇల్లు కట్టే స్థితికి రావటం కూడా పోరాటమే.

ఇవాళ మన ఇళ్ళలో కొన్నిట్లో నాలుగు డబ్బులు కనపడుతున్నాయి. కువైట్‌లో పాచిపని చేసిన అక్కలు పంపినవి, చిన్న ఉద్యోగాల్లో మిగిల్చినవి. ఆ డబ్బుకి కాచుకున్న గద్దలు చాలా ఉన్నాయి. అగ్రిగోల్డ్ కూలినప్పుడు సుమారు 32 లక్షల మంది డిపాజిటర్లు రోడ్డున పడ్డారు. వాళ్ళలో కూలీనాలీ జనం ఎందరో! ఆ డబ్బుతో రెండు గదులు కట్టి అద్దెకిద్దామనే ఆలోచన మంచిదే. అయితే లెక్క ముందు, ఇటుక తర్వాత.

మొదటిది కాగితం. 1977 ఎసైన్డ్ భూముల చట్టం పేదల భూమి పెద్దోళ్ళ చేతుల్లో పడకుండా వచ్చింది. అయినా పడింది. తర్వాత సవరణలు వచ్చాయని చెప్పి బ్రోకరు తెల్లకాగితం మీద డి-పట్టా స్థలం అంటగడతాడు. ఈసీ తీయించకుండా, సర్వే నంబరు నిషేధిత జాబితాలో ఉందో లేదో చూడకుండా రూపాయి ఇవ్వొద్దు. సాటి పేదవాడి పట్టా స్థలం కారుచౌకగా కొట్టేస్తే అది పెట్టుబడి కాదు, దొంగతనం.

రెండోది అప్పు. 5 లక్షలు రెండు రూపాయల వడ్డీకి తెస్తే నెలకి 10,000 వడ్డీకే పోతుంది. రెండు గదులకి 3,500 చొప్పున వచ్చేది 7,000. మిగతా మూడు వేలు ఎవరి చెమట? అసలెప్పుడు తీరుతుంది? గదులు మనవి, అద్దె షావుకారుది! అందుకే బ్యాంకు వడ్డీకి అప్పు అడగాలి. ఎస్సీ కార్పొరేషన్ మనకి గేదెలూ ఆటోలే కాదు, ఇళ్ళు కట్టటానికీ అప్పు ఇప్పించాలి. అది దయ కాదు, హక్కు.

మూడోది చోటు. అదే ఇటుక, అదే సిమెంటు. పేటలో కడితే ఒక అద్దె, బస్టాండు పక్కన కడితే ఇంకో అద్దె. నేలకి కూడా కులం అంటగట్టారు! ఎవరొచ్చి ఉంటారో చూసుకునే పునాది తియ్యాలి. ఏడాదికి పన్నెండు నెలల అద్దె వస్తుందని లెక్కేస్తే మునుగుతాం. గది ఖాళీగా ఉంటుంది, మోటారు కాలుతుంది, సున్నం వెయ్యాలి, ఇంటిపన్ను కట్టాలి. పది నెలలే వస్తుందనుకోవాలి. ఒప్పందం రాసుకోవాలి. ఏడాది దాటిన అద్దె ఒప్పందాన్ని రిజిస్టరు చేయించాలని 1908 నాటి చట్టమే చెబుతోంది.

నాలుగోది అన్నిటికంటే పెద్దది. మన గోడకి టు లెట్ బోర్డు కట్టిన రోజున మనం ఏం అడుగుతాం? మాల గది మాదిగకి ఇవ్వం, మాదిగ గది మాలకి ఇవ్వం, సాయిబులకి అసలే ఇవ్వం అనేవాళ్ళు మనలో లేరా? అలా అయితే ఊరోడి గోడ పగలగొట్టి ఆ ఇటుకలతోనే మన గోడ కట్టుకున్నట్టు. అద్దె అడుగుదాం, అడ్వాన్సు అడుగుదాం, కరెంటు బిల్లు అడుగుదాం. కులం మాత్రం అడగొద్దు.

భూమి లేకుండా చేసినోళ్ళే ముందుచూపు లేదని ఎగతాళి చేస్తే ఇక పడేది లేదు. కాగితం మన చేతికి రావాలి. ఆ కాగితంతో కట్టిన గదిలో కులం అడిగే తలుపు ఉండకూడదు.

జై భీమ్!