దొడ్డమ్మ పెట్టెలో సీమలేసు

గొప్పలు చెప్పుకోవడానికి మనిషికి ఆస్తిపాస్తులే ఉండనక్కరలేదు. పాత పెట్టె ఒకటుంటే చాలు. పాతపట్నంలో మా పెద్దనాన్నగారింట అటువంటి భోషాణం ఒకటుంది. దాని అడుగున చీరముక్కలో చుట్టిపెట్టిన లేసు గుడ్డలున్నాయి: ఒక బల్లగుడ్డ, నాలుగు దిండ్ల అంచులు, సగంలో ఆగిపోయిన ముక్క ఒకటి.

"బెల్జియం సీమలేసురా! జమీందారీ రోజుల్లో ఓ దొరసాని మా అమ్మకిచ్చింది" అని మా అన్నయ్య ప్రతి పండక్కీ చెబుతూంటాడు. దొరసాని పేరు మాత్రం ఏడాదికొకసారి మారుతూంటుంది.

ఈమధ్య ఆ కథకి కొంచెం డబ్బు వాసన తగిలింది. పాతసామాన్లు కొనే విశాఖపట్నం ఆసామి ఒకాయన, బెల్జియం సరుకేనని తేలితే మంచి ధర ఇస్తానన్నాడట. అన్నయ్య మనవరాలి పెళ్ళి దగ్గర పడింది. "నువ్వు పత్రికలో రాసేవాడివి. ఓ ముక్క రాసియ్యి, వాడు నమ్ముతాడు" అన్నాడు అన్నయ్య.

రాయడానికేం, కలం ఉంది. కాని చూడకుండా రాయడమెలా? భూతద్దం పట్టుకుని కూర్చున్నాను. మనవరాలు పక్కన చేరి, "ఏటి చిన్నతాతా, దారం చూస్తే ఊరు తెలిసిపోద్దేటి?" అంది.

ఊరు తెలియదు. పని తెలుస్తుంది. ముందు అదే చూడాలి.

చేతిలేసు ముఖ్యంగా మూడు తెగలు. దిండు మీద గుండుసూదులు గుచ్చి, చిన్న చిన్న కదుళ్ళకి చుట్టిన పోగులెన్నిటినో ఒకదాని మీదుగా ఒకటి తిప్పి అల్లేది ఒకటి. బెల్జియం పేరు మోగింది ఎక్కువగా ఇందులోనే. మన దక్షిణాదిని నాగర్‌కోయిల్‌లో 1820ల నాటికే మిషనరీల ఇల్లాండ్రు దాన్ని నేర్పారు. భూతద్దంలో అది సన్నని నేతలాగానో, పేనిన జడలాగానో కనబడుతుంది. రెండోది మామూలు సూదితో కాజాకుట్టు మీద కాజాకుట్టు వేసుకుంటూ పోయేది. మూడోది కొక్కెం సూదిది. ఇందులో దారం ఒక్కటే. ముడిలోంచి ముడి లాగుతూ గొలుసులా సాగుతుంది.

ఇవి కాక మరలేసు ఉంది. 1809లో జాన్ హీత్‌కోట్ అనే ఇంగ్లీషువాడు వలగుడ్డ నేసే యంత్రానికి పేటెంటు పుచ్చుకున్నాడు. అప్పట్నుంచీ యంత్రాలు చేతిపనిని అనుకరిస్తూనే ఉన్నాయి. కాని కొక్కెం సూది అల్లికని అచ్చంగా అల్లే యంత్రం మాత్రం రాలేదు. దానిలా కనిపించే మరసరుకు ఉంది గాని, దగ్గరగా చూస్తే గొలుసుముడి కనబడదు, నూగు కనబడుతుంది.

దొడ్డమ్మ లేసులో ఎటు చూసినా గొలుసే. సగంలో ఆగిన ముక్కకి చివర ఓ ఉచ్చు వదులుగా ఉంది. కొస పట్టుకుని మెల్లిగా లాగాను. ఒక ముడి, రెండు ముళ్ళు, మూడు, జారుతూ వచ్చేశాయి. దిండులేసు ఇలా విడిపోదు. "ఇది కొక్కెం సూది పని" అన్నాను.

"అయితే ఏమైంది? సీమలో కొక్కెం సూదులుండవా?" అన్నాడు అన్నయ్య.

మాట న్యాయమే. ఐర్లండులో 1845 తరవాత కరువు రోజుల్లో ఎన్నో సంసారాలు ఈ అల్లిక మీద గంజి తాగాయి. మనకేమో, పశ్చిమగోదావరి నరసాపురం ప్రాంతానికి పందొమ్మిదో శతాబ్దంలో మిషనరీల ద్వారానే వచ్చింది. దారం సీమనుంచే వచ్చేది, పూల నమూనాలు సీమ పుస్తకాల్లోవే. కనక గులాబీ మొగ్గ చూసి ఇది ఫలానా ఊరిదని చెప్పేవాణ్ణి నమ్మకండి. ఊరు చెప్పవలసింది లేసు కాదు, లేసు దాచిన పెట్టె.

మా దొడ్డమ్మ పుట్టిల్లు నరసాపురం దగ్గర పల్లె. పెళ్ళయ్యాక నౌపడాలో చిన్నరైలెక్కి మా ఊరొచ్చింది. 1900లో పర్లాకిమిడికి వేసిన ఆ బుల్లి లైను ఇప్పుడు పెద్ద లైనయింది.

ఈ మాటలంటూండగా పిల్ల గబగబా లోపలికెళ్ళి, లంగాకి బొందు ఎక్కించే ఇనప పుల్ల తెచ్చింది. మా చిన్నప్పట్నుంచీ ఆ ఇంట్లో బొందులెక్కించేది దానితోనే. "తాతా, దీని కొసన కొక్కెం ఉంది సూడండి" అంది. ఉచ్చులోకి దూర్చి చూశాను. చక్కగా పట్టింది.

టెక్కలిలో ఉన్న మా మేనత్తకి ఫోను చేశాం. తొంభై దాటిన మనిషి.

"వదినదే, ఇంకెవరిది! పుట్టింట్లో డజనుకింతని కూలికల్లేదట. ఇక్కడికొచ్చాక మా అమ్మ మాన్పించేసింది. కోడలు కూలికి అల్లుతోందంటే నలుగురిలో తలవంపులని. సగంలో ఉన్నదాన్ని పెట్టెలో పెట్టేసింది. మళ్ళీ ముట్టుకోలేదు" అంది.

అన్నయ్య ఏమీ అనలేదు.

జర్మనీ దేశస్థురాలు మారియా మీస్ ఈ నరసాపురం స్త్రీల మీద 1982లో ఒక పుస్తకం అచ్చువేసింది. రోజుకి 6 నుంచి 8 గంటలు అల్లుతున్నా వాళ్ళని పనివాళ్ళనేవారు కారట. ఇంట్లో ఊరికే కూర్చునే ఇల్లాళ్ళనేవారట. లేసు విదేశాలకెళ్ళింది, లాభం వర్తకులకెళ్ళింది, పేరు ఎవరికీ రాలేదు. 2024లో నరసాపురం లేసుకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఊరికి పేరొచ్చింది, సంతోషమే. అల్లిన చేతికో?

చీటీ రాయడానికి కూర్చున్నాను. "కొక్కెం సూది లేసు. నరసాపురం పని. అల్లినవారు" అని రాసి ఆగిపోయాను. పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచీ ఆవిడ నాకు దొడ్డమ్మే. అసలు పేరేమిటి? పిల్లకీ తెలియదు. అన్నయ్య కిటికీలోంచి బయటికి చూస్తూ మెల్లిగా చెప్పాడు. రాశాను.

విశాఖపట్నం ఆసామి చీటీ చదివి ధర సగానికి సగం తగ్గించాడు. అయినా బల్లగుడ్డ అమ్మేశారు. పెళ్ళి ఖర్చు పెళ్ళి ఖర్చే కదా! గుడ్డతో పాటు చీటీ కూడా ఇవ్వాలని మాత్రం అన్నయ్య పట్టుబట్టాడు. సగంముక్కా, సూదీ పిల్ల అత్తారింటికి పట్టుకెళ్ళింది. నేను విప్పేసిన మూడు ముళ్ళూ తిరిగి వెయ్యడం నేర్చుకుంటోందట.

సోదరీమణులారా, మీ ఇంట్లోనూ ఓ పెట్టె ఉండకపోదు. భూతద్దం తరవాత చూసుకోవచ్చు. ముందు ఇంట్లో పెద్దావిణ్ణి అడిగి, పేరుతో సహా ఓ చీటీ రాసి అందులో పడెయ్యండి.