ముట్టు తేదీ అడగండి
యాంగోన్‌లోని లమ్మడా తెలుగు ఇళ్లకూ, ఇక్కడి డాక్టర్లకూ

మా వదిన నెలనెలా రక్తం దగ్గేది. నాలుగు రోజులు దగ్గు, కుడిపక్క పోటు, ఆపైన నెలంతా మామూలే. కళ్లె పరీక్ష రెండుసార్లు చేసినా టీబీ తేలలేదు. అయినా ఆరు నెలలు టీబీ మాత్రలు మింగించారు. కంచం, గ్లాసు వేరు పెట్టాం. పెట్టింది మేమే. ఏడో నెలా అదే రక్తం. ఆ నాలుగు రోజులు ఏవో ఇంట్లో ఆడవాళ్లందరికీ తెలుసు. అడిగిన డాక్టరు లేడు, చెప్పిన నోరూ లేదు.

ఎండోమెట్రియోసిస్, అంటే గర్భసంచి లోపలి పొరలాంటిది దాని బయట పెరిగే జబ్బు, కటి దాటదని ఎవరన్నారు? ఆ పొర ఊపిరితిత్తిలో, బొడ్డులో, సిజేరియన్ మచ్చలో పెరిగినా ముట్టు ముట్టుకీ వాస్తుంది, రక్తం కారుస్తుంది. బొడ్డు గడ్డ గురించి విలార్ అనే వైద్యుడు 1886లోనే రాశాడు. ముట్టు వేళ ఊపిరితిత్తి కుంగిపోవడం 1958లోనే వైద్యపత్రికకెక్కింది. అది సాధారణంగా ముట్టు మొదలైన 72 గంటల లోపు, ఎక్కువగా కుడివైపే వస్తుంది. అరుదైన జబ్బంటారు. అడగకపోతే అరుదే మరి!

టీబీ దండిగా ఉన్న దేశం, ముందు దాన్నే వెతకాలి, కాదనను. తేలకపోయాక కూడా అదేనా? ఆడవాళ్లకు వైద్యం అందాలని 1885లో లేడీ డఫరిన్ నిధి పెట్టారు. ఆ పేరుతో వెలసిన డఫరిన్ ఆసుపత్రే మన లమ్మడాలోని నేటి సెంట్రల్ విమెన్స్ హాస్పిటల్. ఇన్నేళ్లకు మిగిలిందేమిటి? ఛాతీ డాక్టరు ముట్టు అడగడు, ఆడవాళ్ల డాక్టరు దగ్గు అడగదు. ఒక్క ఒంటిని వార్డులవారీగా పంచేసుకున్నారు.

తప్పంతా డాక్టర్లదే అనుకుని తప్పించుకోకండి. ఊరు మారినా దేశం మారినా ముట్టయితే మూలన కూర్చోబెట్టే అలవాటు మూటగట్టి తెచ్చుకున్నాం. ఆ మూట రక్తం కక్కిస్తోంది.

డాక్టర్లూ, ప్రతి ఆడమనిషి చీటీ మీదా ముట్టు తేదీ రాయండి. నెలనెలా తిరిగొచ్చే బాధైతే ఇద్దరు డాక్టర్లూ కలిసి చూడండి, స్కాను ఆ రోజుల్లోనే తీయించండి. హార్మోను మాత్రలతో చాలామందికి అదుపులోకి వస్తుంది. మచ్చలో గడ్డను చుట్టూ కాస్త మంచి కండతో సహా కోసి పరీక్షకు పంపాలి. ఊపిరితిత్తి పదేపదే కుంగితే కెమెరా ఆపరేషన్‌లో ఉదరవితానం కూడా చూడాలి.

అక్కలారా, టీబీ మందులు మీ అంతట మీరు ఆపొద్దు. రక్తం పడితే ఆసుపత్రికి ఆలస్యం చేయొద్దు. పాల లెక్క రాసే క్యాలెండరులోనే ముట్టు రోజుకు సున్నా, రక్తం పడ్డ రోజుకు గీత పెట్టండి. ఈసారి వెళ్లేటప్పుడు ఆ కాగితాలు చింపి డాక్టరు బల్ల మీద పెట్టండి.