పేరు ఒకరిది... గది ఇంకొకరిది!

'గది కొన్నం' అనే మాట ఫాక్‌లాండ్ రోడ్డు చాళ్లలో తరచూ వినపడుతుంది. కొన్నదేమిటో మాత్రం కొన్నవారిలో చాలామందికి తెలియదు. పదడుగుల వెడల్పు, పన్నెండడుగుల పొడవు ఖోలీ. పైన సామాన్లకూ, పిల్లలు పడుకోవడానికీ చెక్కలతో కట్టిన మాళా. వరండా చివర అందరికీ కలిపి నల్లా, పాయిఖానా. దీనికోసం లక్షలు చేతులు మారతాయి. మధ్యలో ఒక దలాల్, ఇద్దరు సాక్షులు, నోటరీ ముద్ర పడిన ఒక స్టాంపు కాగితం. సాయంత్రానికి మిఠాయి పంచుతారు. నిజామాబాద్‌కో, కరీంనగర్‌కో ఫోన్ చేసి 'బొంబాయిల ఇల్లయ్యింది' అని చెబుతారు.

ఇల్లు కాలేదు. నేల వారిది కాదు, గోడ వారిది కాదు. వారు డబ్బు పోసింది అద్దెకుండే హక్కు కోసం. అదైనా చేతికి వచ్చిందా అంటే, అక్కడే ఉంది తిరకాసు.

ఈ పద్ధతికి ముంబయిలో పగిడీ అని పేరు. గదిలో చేరేటప్పుడు యజమానికి ఒకేసారి పెద్ద మొత్తం ముట్టజెప్పాలి. తర్వాత నెలనెలా నామమాత్రపు అద్దె. వదిలి వెళ్లేటప్పుడు అద్దెదారు ఆ హక్కును మరొకరికి అమ్ముకుంటాడు. వచ్చినదాంట్లో దాదాపు మూడో వంతు యజమానికిచ్చి, కొత్తవారి పేరున అద్దె రసీదు రాయించడం ఆనవాయితీ. 1947 నాటి బొంబాయి అద్దె చట్టం కింద పగిడీ పుచ్చుకోవడం నేరం. నేరమైనా ఏ సందులోనూ ఆగలేదు. 1999లో చేసిన మహారాష్ట్ర అద్దె నియంత్రణ చట్టం 2000 మార్చి 31న అమల్లోకి వచ్చాక సంగతి మారింది. ఆ చట్టం 56వ సెక్షను ప్రకారం హక్కు వదులుకుంటున్న అద్దెదారు సొమ్ము తీసుకోవచ్చు. బదిలీకి ఒప్పుకున్నందుకు యజమానీ తీసుకోవచ్చు. దాపరికం అక్కర్లేదు. రాజమార్గం వేసి పాతికేళ్లు దాటినా మనవాళ్లు దొడ్డిదారినే నడుస్తున్నారు.

కారణం ఊహించలేనిదేమీ కాదు. ఆ మూడో వంతు మిగుల్చుకోవాలని అమ్మేవాడికి ఆశ. ధర కాస్త తగ్గుతుందని కొనేవాడికి ఆశ. ఇద్దరి ఆశకూ దలాల్ వంతెన కడతాడు.

"అన్నా, రసీదు మీద నా పేరెప్పుడు ఎక్కుతది?"

"ఎక్కుతది తమ్మీ, సేఠ్ ఊర్నుంచి రానీ. అప్పటిదాంక పాత పేరు మీదనే భాడా కట్టు. ఎవడడుగుతడు?"

నిజమే, చాలా ఏళ్లు ఎవరూ అడగరు. అడిగేది కోర్టు, లేదంటే మ్హాడా సర్వే చేసేవాడు. అప్పటికి దలాల్ ఫోన్ నంబరు మారిపోయి ఉంటుంది.

నోటరీ ముద్ర ఏం చేస్తుంది?

నోటరీ చూసేది తన ముందు సంతకం పెట్టిన మనిషిని. ఆ మనిషికి అమ్మే హక్కుందో లేదో తేల్చడం ఆయన పని కాదు. యజమాని అంగీకారం లేకుండా అద్దెదారు తన హక్కును మరొకరికి రాసిస్తే అది చెల్లదు సరికదా, గది ఖాళీ చేయించడానికి యజమానికి చట్టమే కారణం చేతికిచ్చినట్టవుతుంది. అప్పుడు దావా వచ్చేది రసీదు మీద పేరున్న పాత అద్దెదారు మీద. ఆయన డబ్బు తీసుకుని ఊళ్లో పొలం కొనుక్కుని ఉంటాడు. సమన్లు అందినా రాడు. వీధిన పడేది లోపల కాపురం ఉంటున్నవాడు.

కొందరు తెలివిగా జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ రాయించుకుంటారు, దానికి తోడు ఒక వీలునామా. ఇలాంటి కాగితాల కట్టతో స్థిరాస్తి మీద యాజమాన్యం రాదని సుప్రీంకోర్టు 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో తేల్చేసింది. అద్దె గదికైతే వీలునామా అసలే పనికిరాదు. చట్టం రక్షణ ఉన్న అద్దె హక్కును వీలునామా ద్వారా పరాయివాడికి ఇవ్వడం కుదరదని బొంబాయి అద్దె చట్టం కేసుల్లోనే సుప్రీంకోర్టు 1986లో ఒకసారి, 1994లో మరోసారి చెప్పింది. అయినా ఈనాటికీ ఆ వీలునామాను ప్లాస్టిక్ కవరులో పెట్టి, దేవుడి పటం వెనక దాచుకున్నవారు ఉన్నారు.

అన్నదమ్ముల లెక్క ఇంకో రకం

ఒక గది అనుకుందాం. తండ్రి పేరున రసీదు. ముగ్గురు కొడుకులు. పెద్దవాడు ఊళ్లో వ్యవసాయం చూసుకుంటున్నాడు. నడిపివాడు భివండిలో మగ్గాల మీద పని చేస్తున్నాడు. చిన్నవాడు, భార్యా తండ్రి దగ్గరే ఆ గదిలో ఉంటున్నారు. తండ్రి పోయాడు. ఊళ్లో పెద్దమనుషులు కూర్చుని గది ధర కట్టి మూడు వాటాలు వేస్తారు. పొలానికి వేసినట్టే!

అద్దె చట్టం ఇలా చూడదు. అద్దెదారు చనిపోయే నాటికి ఆయనతో కలిసి ఆ ఇంట్లో ఉంటున్న కుటుంబ సభ్యుడికి ముందు చోటు. అలా ఎవరూ లేకపోతేనే మిగతా వారసుల సంగతి. తమలో తాము ఒప్పందానికి రాకపోతే కోర్టు తేలుస్తుంది. ఆ కుటుంబ సభ్యుడు కొడుకే కానక్కర్లేదు. భార్య కావచ్చు, కూతురు కావచ్చు. ఈ మాట చాళ్లలో ఎవరూ గట్టిగా చెప్పరు. భర్త పోయిన ఏడాదిలోగా రసీదు తన పేరుకు మార్పించుకున్న ఆడమనిషి ఎక్కడో ఒకరు. మిగతావాళ్లు చనిపోయినవారి పేరునే అద్దె కట్టుకుంటూ పోతారు. పదిహేనేళ్ల తర్వాత మరుదులు వచ్చి వాటా అడిగితే ఆమె దగ్గర చూపించడానికేమీ ఉండదు.

తాళం వేసిన గదుల సంగతి ఇంకా దారుణం. పిల్ల పెళ్లికనో, ముసలి తల్లికి బాగాలేదనో దేవగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి ఊరెళతారు. తాళం ఏడాది వేలాడుతుంది. సరైన కారణం లేకుండా వరసగా ఆరు నెలలు గదిని వాడకపోతే ఖాళీ చేయించమని యజమాని కోర్టుకు వెళ్లవచ్చు. అద్దె నియంత్రణ చట్టం 16వ సెక్షనులోనే ఆ కారణం ఉంది. అద్దె బాకీ లేకున్నా సరే. ఊరికీ బొంబాయికీ మధ్య బతికే పాలమూరు, నల్లగొండ వలస కుటుంబాలకు ఇంతకంటే దగ్గరి ప్రమాదం లేదు. కరెంటు బిల్లులో వాడకం సున్నా అని పడితే అదే సాక్ష్యమవుతుంది.

పేరులోనే ఉంది పెన్నిధి

కామాటి అంటే కూలి పని చేసేవాడు. నైజాం ప్రాంతం నుంచి పద్దెనిమిదో శతాబ్దం చివర్లో వచ్చి ఈ నగరం కట్టిన తెలుగువాళ్ల వల్లే కామాటిపురకు ఆ పేరు. ఊరికి పేరిచ్చినవాళ్ల సొంత పేర్లు మాత్రం రసీదుల్లో నానా తిప్పలు పడ్డాయి. తెలుగువాడి ఇంటిపేరు ముందుంటుంది. మరాఠీ పద్ధతిలో సొంత పేరు, తండ్రి పేరు, చివర ఇంటిపేరు. గుమాస్తా తనకు తోచినట్టు రాశాడు. నర్సయ్య ఒక కాగితంలో నరసింహ, ఇంకోదాంట్లో నర్సింగ్. రేషను కార్డులో ఇంటిపేరే ఉండదు. ఆధార్‌లో తండ్రి పేరు ఇంటిపేరైంది. చిరునామా సరేసరి. పాత రసీదులో ఫాక్‌లాండ్ రోడ్డు, కొత్త కార్డులో పఠ్ఠే బాపూరావ్ మార్గ్. ప్లే హౌస్‌ను పిలా హౌస్ చేసుకున్న ఊరికి ఇదొక లెక్కా అనిపించవచ్చు. కానీ కాగితాలు పరిశీలించే అధికారికి లెక్కే. ఇద్దరూ ఒకరేనని అఫిడవిట్లు ఇవ్వాలి, గెజిట్లో పేరు మార్పు వేయించాలి. ఒక్కో అక్షరానికి నెలల తరబడి తిరుగుళ్లు.

ఇవన్నీ ఇన్నాళ్లూ నానుతూనే ఉన్నాయి. ఇప్పుడు తొందర ఎందుకంటే, కామాటిపుర మొత్తాన్ని కూల్చి తిరిగి కట్టే పథకం కాగితాల మీద నుంచి కదిలింది. మ్హాడా చేతుల మీదుగా సామూహిక పునర్నిర్మాణానికి రాష్ట్ర ప్రభుత్వం 2023 జనవరిలో అనుమతించింది. 2025లో మ్హాడా టెండర్లు పిలిచింది. తొమ్మిది వందలకు పైగా సెస్సు భవనాలు, ఎనిమిది వేల దాకా అద్దెదారులు. అర్హుడైన అద్దెదారుకు 500 చదరపు అడుగుల సొంత ఇల్లు ఇస్తామంటున్నారు. నూట ఇరవై అడుగుల ఖోలీలో మూడు తరాలు గడిపినవారికి ఇది చిన్న మాట కాదు.

'అర్హుడైన' అన్న ఒక్క మాటలో అంతా ఉంది. సెస్సు భవనాల పునర్నిర్మాణ నిబంధనల్లో 1996 జూన్ 13 దగ్గర గీత గీశారు. ఆ తర్వాత కొత్తగా పుట్టించిన అద్దె హక్కులు లెక్కకు రావు. అన్నదమ్ములు మధ్యలో ప్లైవుడ్ గోడ పెట్టి ఒక ఖోలీని రెండు చేసుకుంటే రెండు ఇళ్లు రావు. రసీదు పాత పేరునే ఉండి, మనిషి మాత్రం నోటరీ కాగితంతో లోపల కూర్చుంటే, సొంత ఇంటి కబురు విని పాత అద్దెదారు వారసులు గుమ్మంలో దిగవచ్చు. అప్పుడు అమ్మింది నిజమే, డబ్బు తీసుకుంది నిజమేనని వాళ్లు చెబుతారా?

ఇక రసీదన్న మాటే ఎరగనివాళ్లూ ఈ సందుల్లోనే ఉన్నారు. మంచానికి రోజు కిరాయి కట్టే ఆడవాళ్లు. వారిలో తెలుగు ఊళ్ల నుంచి వచ్చినవారూ ఉన్నారు. ఎన్నేళ్లు కట్టినా ఆ కిరాయికి కాగితం ఉండదు. జాబితాలో వారి పేరు ఎవరు రాస్తారన్న ప్రశ్నకు పథకంలో సూటిగా జవాబు ఉండాలి.

యజమాని పక్షం కూడా వినాలి

తప్పంతా సేఠ్‌దే అనడం సులువు. కానీ 1940 సెప్టెంబరు నాటి అద్దె దగ్గరే చట్టం యజమానిని కట్టేసింది. ఆ స్తంభన అన్యాయంగా మారిందని 1997 డిసెంబరులో సుప్రీంకోర్టే మల్పె విశ్వనాథ ఆచార్య కేసులో అన్నది. కొత్త చట్టం ఏడాదికి 4 శాతం పెంచుకోనిచ్చింది. వందకు నాలుగు రూపాయలు! దాంతో దూలం సంగతి అటుంచి తలుపు కూడా బాగుపడదు. మరమ్మతు లేని పాత భవనం ఏమవుతుందో 2017 ఆగస్టు 31న పక్కనే భేండీ బజార్ వైపు హుస్సేనీ భవనం చూపించింది. 33 మంది చచ్చిపోయారు.

అద్దెదారులు సంఘం పెట్టుకుని కోరితే నెల అద్దెకు వంద రెట్లు యజమానికిచ్చి భవనం తీసుకునేలా 1986లో మ్హాడా చట్టానికి ఒక అధ్యాయం చేర్చారు. దాని మీద యజమానుల సంఘం 1992లో సుప్రీంకోర్టుకెక్కింది. తొమ్మిది మంది జడ్జీల ధర్మాసనం 2024 నవంబరు 5న తీర్పిచ్చింది. ప్రైవేటు ఆస్తి ప్రతిదీ సమాజపు వనరు కాదన్నది. ఆ అధ్యాయం చెల్లుతుందా లేదా అన్నది మాత్రం మామూలు ధర్మాసనానికి వదిలింది. కేసు వేసి ముప్పై రెండేళ్లు గడిచాక వచ్చింది ఇంతే. కోర్టు తీర్పు వచ్చి తమ గది సంగతి తేలుస్తుందని ఎదురుచూసే అద్దెదారు ఈ లెక్క గుర్తు పెట్టుకోవాలి. యజమానితో రాజీ పడి, మూడో వంతో, బేరమాడి నాలుగో వంతో ఇచ్చి రసీదు మార్పించుకోవడమే చవక. కాగితాన్ని స్టాంపు సుంకం కట్టి రిజిస్టరు చేయించాలి. కొత్త అద్దె ఒప్పందం రాతపూర్వకంగా ఉండి రిజిస్టరు కావాలన్నది చట్టంలో 55వ సెక్షను. ఆ బాధ్యత యజమానిదే. యజమాని అద్దె తీసుకోనంటే చెక్కును ఉత్తరంతో పాటు స్పీడ్‌పోస్టులో పంపి రుజువు దాచుకోవాలి. వద్దన్నది ఆయనేనని తర్వాత చిన్న తగాదాల కోర్టులో చూపించొచ్చు.

ప్రభుత్వం చేయాల్సింది కూడా ఉంది. పగిడీని చట్టబద్ధం చేసింది కానీ బదిలీకి గడువు పెట్టలేదు. యజమాని సంతకం పెట్టకుండా ఏళ్లు నానబెట్టినా అడిగేవారు లేరు. సర్వే మొదలవకముందే ఇలాంటి పెండింగు బదిలీలకు ఒక గడువు, యజమాని వాటాకు ఒక నిర్దిష్ట లెక్క, ఇద్దరినీ కూర్చోబెట్టే ఒక అధికారి కావాలి. చాళ్ల గోడలకు అంటించే నోటీసులు మరాఠీతో పాటు తెలుగులోనూ ఉండాలి. రెండు వందల ఏళ్ల కిందట వచ్చినవారి కోసం ఒక తెలుగు కాగితం అంటించడం పెద్ద ఖర్చు కాదు.

తెలుగు సంఘాలకూ ఇందులో పనుంది. వినాయకచవితికి, బతుకమ్మకు చందాలు బాగానే వసూలవుతున్నాయి. అందులో కొంత తీసి ప్రతి ఆదివారం ఒక బల్ల, రెండు కుర్చీలు, మరాఠీ చదవగలిగిన ఒక కుర్రాడు, నెలకోసారి ఒక వకీలు ఏర్పాటు చేస్తే చాలు. రసీదు ఎవరి పేరున ఉంది, ఆ పేరు ఆధార్‌తో కలుస్తోందా, చనిపోయినవారి పేరైతే మరణ ధ్రువపత్రం ఉందా అని చూసి ఒక పుస్తకంలో రాసుకుంటూ పోవచ్చు.

అంతదాకా ఆగనక్కర్లేదు కూడా. ఈ ఆదివారం ఎవరి ట్రంకు పెట్టెలోంచి వారు ఆ పాత రసీదు తీసి దాని మీది పేరు చదివించుకోవచ్చు. మరాఠీ బడికి వెళ్లే పిల్లలు ప్రతి ఖోలీలోనూ ఉన్నారు.