మణుగూరు వేడికి ఇరవై కిలోవాట్లేనా?

మణుగూరు మండలం పగిడేరులో నేల కింది నీళ్లు మోటారు లేకుండానే పైకి తన్నుకొస్తాయి, అదీ వేడిగా. బొగ్గు కోసం బోర్లు వేస్తుంటే బయటపడిన వేడి అది. దానితో కరెంటు తీయొచ్చని సింగరేణి సంస్థ కేంద్ర బొగ్గు శాఖ నిధులతో అక్కడొక ప్రయోగాత్మక యూనిట్ పెట్టింది. సామర్థ్యం 20 కిలోవాట్లు. ఐదు హార్స్‌పవర్ మోటార్లు ఐదు నడపడానికి సరిపోతుంది. అదే మణుగూరు పక్కన ప్రభుత్వం భద్రాద్రి థర్మల్ కేంద్రం కట్టింది. 1,080 మెగావాట్లు, అదీ కాలం చెల్లిన సబ్‌క్రిటికల్ పరిజ్ఞానంతో. లెక్క వేయండి, 54 వేల రెట్లు. ఒకే ప్రాంతంలో, ఒకే నేలలో బొగ్గుకు ఇచ్చింది అంత, వేడికి విదిల్చింది ఇంత.

ఇది సాంకేతిక సమస్య అని నాకెవరూ చెప్పొద్దు. ఇటలీలోని లార్డెరెల్లోలో భూమిలోంచి వచ్చే ఆవిరితో బల్బులు వెలిగించింది 1904లో. అక్కడే 1913 నాటికి 250 కిలోవాట్ల కేంద్రం నడిచింది. నూటపది సంవత్సరాల కిందటి ఆ యంత్రంలో పదో వంతు కూడా లేనిదాన్ని మనం ఈ రోజు ‘తొలి అడుగు’ అని చెప్పుకుంటున్నాం. అక్కడి ఆవిరికీ ఇక్కడి నీటికీ వేడిలో చాలా తేడా ఉంది, ఒప్పుకుంటాను. కానీ మన వేడి ఎంతో తేల్చుకోవడానికైనా లోతుగా తవ్వాలి కదా. ఆ ఒక్క పనే మనం చేయలేదు.

ఇది మణుగూరుతో మొదలైన జబ్బు కాదు. లద్దాఖ్‌లోని పుగా లోయలో జియలాజికల్ సర్వే 1970ల్లోనే తవ్వకాలు మొదలుపెట్టింది. 34 బోర్లు వేసింది. వాటిలో అన్నిటికంటే లోతైనది 385 మీటర్లు. అనంతపురం రైతు అప్పు చేసి ఇంచుమించు అంత లోతుకు బోరు వేస్తున్నాడు! దేశంలోకెల్లా మంచి వేడి ఉన్న చోట ప్రభుత్వం అక్కడితో ఆగిపోయి, నాలుగు దశాబ్దాలు నివేదికలు రాసుకుంటూ కూర్చుంది. ఓఎన్‌జీసీ అక్కడ 1 మెగావాట్ కేంద్రానికి ఒప్పందం చేసుకుంది 2021లో. మరుసటి ఏడాది తవ్వుతుండగా వేడినీళ్లు పుగా వాగులో కలిసిపోయి పని ఆగింది. మరోపక్క, 2016లో కేంద్రం ఒక ముసాయిదా విధానం రాసింది. 2022 కల్లా 1,000 మెగావాట్లు, 2030 కల్లా 10,000 మెగావాట్లు అంది. 2022 వచ్చి వెళ్లింది. మణుగూరులో 20 కిలోవాట్లు మిగిలాయి. ఆ ముసాయిదా అసలు విధానంగా మారడానికి 2025 సెప్టెంబరు దాకా ఆగాల్సి వచ్చింది. లక్ష్యం తప్పినందుకు ఒక్క మంత్రి జవాబు చెప్పలేదు, ఒక్క అధికారిని ఎవరూ నిలదీయలేదు.

డబ్బు లేదంటారా? కెన్యాకు మనకంటే ఎక్కువ డబ్బుందా? నైవాషా సరస్సు పక్కన ఒల్కారియాలో వాళ్లు 1981లో 15 మెగావాట్లతో మొదలుపెట్టారు. ఈ రోజు ఆ దేశం జియోథర్మల్ సామర్థ్యం 900 మెగావాట్లు దాటింది. వాళ్ల కరెంటులో నూటికి 40 పాళ్లకు పైగా భూమి వేడి నుంచే వస్తోంది. అక్కడ అగ్నిపర్వతాల లోయ ఉంది, నిజమే. అయితే లోయ ఒక్కటే ఉంటే సరిపోదు. ఈ రంగంలో ఖర్చంతా మొదటే పడుతుంది. కోట్లు పోసి బావి తవ్వాక అందులో వేడి చాలకపోవచ్చు, నీరే లేకపోవచ్చు. ఆ భయంతో ఏ బ్యాంకూ అప్పివ్వదు, ఏ ప్రైవేటు కంపెనీ ముందుకు రాదు. కెన్యా ఆ ముడి విప్పింది. 2008లో ప్రభుత్వమే జియోథర్మల్ డెవలప్‌మెంట్ కంపెనీ పెట్టి, తవ్వే నష్టభయాన్ని ఖజానా మీద వేసుకుంది. ఆవిరి పడ్డాక కేంద్రం కట్టడానికి కంపెనీలు వాటంతటవే వస్తాయి. మన దగ్గర జరిగేది తలకిందులు: ముందు పెట్టుబడిదారు రావాలి, తవ్వి చూపించాలి, అప్పుడు ప్రభుత్వం ఆలోచిస్తుంది!

ఈ పదేళ్లలో లెక్కలు మారిపోయాయి. వేడి రాయి ప్రతిచోటా ఉంది, లోతుకు వెళ్తే చాలు. లేనిది నీరు, నీరు పారే సందులు. అమెరికాలో షేల్ గ్యాస్ తవ్వినవాళ్లు తమ కిటుకే వేడి కోసమూ వాడారు. బావిని నిట్టనిలువుగా దించి, లోతులో అడ్డంగా మళ్లించి, ఒత్తిడితో నీళ్లు పంపి రాతిలో సన్నని పగుళ్లు తెరిచారు. ఒక బావిలో చన్నీళ్లు పంపితే రాతి వేడి పట్టుకుని రెండో బావిలోంచి బయటికొస్తాయి. ఫెర్వో అనే కంపెనీ 2023లో నెవాడాలో ఇలా 3.5 మెగావాట్లు తీసి చూపించింది. ఇప్పుడు యూటాలో 500 మెగావాట్ల కేంద్రం కడుతోంది. దాని వ్యవస్థాపకుల్లో ఒకరైన టిమ్ లాటిమర్ ఒకప్పుడు చమురు బావుల్లో డ్రిల్లింగ్ ఇంజనీరు. ఆ విజయం ప్రైవేటు ప్రతిభ ఒక్కదాని వల్లే రాలేదు. యూటాలోనే ఫోర్జ్ పేరుతో అమెరికా ప్రభుత్వం 20 కోట్ల డాలర్లకు పైగా ఖర్చుపెట్టి బహిరంగ ప్రయోగశాల నడిపింది. గట్టి గ్రానైట్‌లో ఏ బిట్ ఎంత వేగంగా దిగుతుందో, పగుళ్లు ఎటు పోతాయో తేల్చి ఆ సమాచారాన్ని అందరికీ ఇచ్చేసింది. అంతర్జాతీయ ఇంధన సంస్థ 2024 డిసెంబరు నివేదికలో చెప్పింది కూడా ఇదే: చమురు రంగపు నైపుణ్యం ఇటు మళ్లితే 2035 కల్లా ఖర్చు 80 శాతం వరకు తగ్గొచ్చు, 2050 దాకా పెరిగే ప్రపంచ విద్యుత్ అవసరంలో 15 శాతాన్ని జియోథర్మల్ తీర్చగలదు.

చమురు నైపుణ్యం! అది ఎక్కడుందో తెలుగువాళ్లకు ఒకరు చెప్పాలా? రాజమండ్రి నుంచి నర్సాపురం దాకా, కోనసీమ కొబ్బరితోటల మధ్య దశాబ్దాలుగా ఓఎన్‌జీసీ రిగ్గులు తిరుగుతున్నాయి. రిగ్గు మీద రాత్రి షిఫ్టు చేసే కుర్రాళ్లు, మడ్ ఇంజనీర్లు, సిమెంటింగ్ సిబ్బంది ఆ ఊళ్లలోనే ఉన్నారు. కేజీ బేసిన్ సముద్ర భాగంలో గుజరాత్ ప్రభుత్వ సంస్థ తవ్విన దీన్‌దయాళ్ క్షేత్రంలో రాయి వేడికి, ఒత్తిడికి పరికరాలే తట్టుకోలేకపోయాయి. గ్యాస్ కోసం ఆ క్షేత్రంలో వాటా కొనడానికి ఓఎన్‌జీసీ 2017లో 7,700 కోట్లకు పైగా చెల్లించింది. అంత వేడి బావుల్లో పనిచేసిన అనుభవం, అంత డబ్బు పోసే తెగువ గ్యాస్ కోసమైతే ఉన్నాయి. అదే వేడి కోసం ఒక్క లోతైన బావి తవ్వమంటే నష్టభయం గుర్తొస్తుంది. గ్యాస్ పడని బావి మీద పోసిన ప్రజాధనాన్ని అన్వేషణ ఖర్చు అంటారు. వేడి పడని బావి మీద పోస్తే మాత్రం దుబారా అంటారు. ఈ రెండు నాల్కల ధోరణిని నేను క్షమించలేను.

‘మణుగూరు ఉన్న గోదావరి లోయలో వేడి మధ్యస్థంగానే ఉంది, కరెంటుకు గిట్టదు’ అనే వాదన నిపుణుల నుంచే వస్తుంది. పైపైన దొరికే నీటి సంగతైతే వాళ్ల మాట నిజం. అక్కడ అగ్నిపర్వతం లేదు. పగుళ్ల వెంట లోతుకు దిగిన నీరు వేడెక్కి పైకి వస్తోంది, అంతే. అలాంటి నీటితో కరెంటు తీయాలంటే తక్కువ వేడికే మరిగే మరో ద్రవాన్ని ఆవిరి చేసి టర్బైన్ తిప్పాలి. దిగుబడి తక్కువే. కానీ కరెంటు రాకపోతే ఆ వేడి దండగా? ఖమ్మం, కొత్తగూడెం జిల్లాల్లో మిర్చి కోతలయ్యాక కల్లాల మీద ఎర్రగా పరుచుకుంటుంది. ఒక్క అకాల వర్షం పడితే కాయకు బూజు పడుతుంది, రంగు పోయి తాలుగా మారుతుంది. మార్కెట్ యార్డులో ధర సగానికి పడుతుంది. ఎగుమతికి వెళ్లే కాయలో అఫ్లటాక్సిన్ తేలితే సరుకే వెనక్కి వస్తుంది. వేడినీటి పైపుల మీదుగా గాలి పంపి మిర్చి ఆరబెట్టడానికి అగ్నిపర్వతం అక్కర్లేదు. కెన్యాలో ఒసేరియన్ పూలతోట జియోథర్మల్ వేడితో గ్రీన్‌హౌసులు నడిపింది. మెనెంగాయిలో అదే వేడితో పాలు పాశ్చరైజ్ చేసి చూపించారు. మన మణికరణ్‌లో వేడినీటితో శీతల గిడ్డంగిని ప్రయోగాత్మకంగా నడిపిన చరిత్ర కూడా ఉంది. దాన్ని కొనసాగించినవాడు లేడు. ఆరుగాలం పండించిన పంట వానకు తడుస్తుంటే నాలుగు మైళ్ల అవతల వేడినీళ్లు వృథాగా పోవడం నన్ను నిద్రపోనివ్వదు.

అయితే రిగ్గు వస్తే చాలు, అంతా శుభమే అని నేను చెప్పను. దక్షిణ కొరియాలోని పోహాంగ్‌లో 2017 నవంబరు 15న వచ్చిన భూకంపం జియోథర్మల్ బావుల్లోకి నీళ్లు ఎక్కించినందువల్లేనని ప్రభుత్వ విచారణే తేల్చింది. స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో 2006లో భూమి కంపించాక ఆ ప్రాజెక్టునే మూసేశారు. గోదావరి లోయ కూడా కదలని నేల కాదు. 1969 ఏప్రిల్‌లో భద్రాచలం కంపించింది, 2024 డిసెంబరు 4న ములుగు కేంద్రంగా వచ్చిన 5.3 తీవ్రత భూకంపం హైదరాబాద్ దాకా తెలిసింది. అందుకే ఇక్కడ రాతిని పగలగొట్టే పద్ధతికి తొందరపడకూడదు. సహజంగా నీరున్న చోట తీసిన నీటిని మళ్లీ లోపలికే పంపే పద్ధతి ఉంది. జర్మనీలోని గెరెట్స్‌రీడ్‌లో ఈవోర్ కంపెనీ చేస్తున్నట్టు పైపుల వలలోనే ద్రవాన్ని తిప్పి వేడి లాగే పద్ధతీ ఉంది. ముందు చుట్టుపక్కల భూకంప మాపకాలు పెట్టాలి, ఆ రీడింగులు అందరికీ కనపడాలి. పాశర్లపూడిలో 1995లో గ్యాస్ బావి మంటలు రెండు నెలలకు పైగా ఎగసిపడటం చూసిన ప్రజలం మనం. ‘మాకు తెలుసు, మీరు ఊరుకోండి’ అనే అధికారి మాటను ఇక నమ్మక్కర్లేదు.

మణుగూరు నేల కోయల నేల. అయిదో షెడ్యూలు ప్రాంతం. గిరిజన భూమి ప్రైవేటు చేతికి వెళ్లకూడదని సుప్రీంకోర్టు 1997లో సమత కేసులో చెప్పింది. వేడి కోసమని ఆ తీర్పును పక్కకు తోయాలని చూసేవాళ్లు రేపు తప్పకుండా వస్తారు. నేను మెచ్చుకున్న అదే కెన్యాలో, ఒల్కారియా విస్తరణ కోసం 2014లో మసాయి కుటుంబాలను తరలించారు. వాళ్ల ఫిర్యాదులు ప్రపంచ బ్యాంకు తనిఖీ సంఘం దాకా వెళ్లాయి, అక్కడ తప్పులు బయటపడ్డాయి. స్వచ్ఛమైన కరెంటు పేరు చెప్పి చేసినా నిర్వాసితం నిర్వాసితమే. గ్రామసభ ఒప్పుకుంటేనే రిగ్గు దిగాలి. బావి వేడి మీద వచ్చే ఆదాయంలో ఆ ఊరి వాటా చట్టంలో రాసి ఉండాలి.

ఇంకో మాట విశాఖ గురించి. 2025 అక్టోబరులో గూగుల్ అక్కడ 1,500 కోట్ల డాలర్ల డేటా సెంటర్ ప్రకటించింది. పగలూ రాత్రీ ఆగని కరెంటు దానికి కావాలి. ఇదే గూగుల్ నెవాడాలో తన డేటా సెంటర్ల కోసం జియోథర్మల్ కరెంటు ఏర్పాటు చేసుకుంది, అక్కడి విద్యుత్ సంస్థతో కలిసి 115 మెగావాట్లకు ప్రత్యేక టారిఫ్ రాయించుకుంది. అంటే కొనేవాడు ముందే నిలబడితే తవ్వేవాడికి బ్యాంకు తలుపు తెరుచుకుంటుంది. అమరావతి కూడా ఆ షరతు పెట్టాలి: ఇక్కడి నేలలో రేపు వేడి తేలితే దాన్ని మొదట కొనే బాధ్యత మీదే అని. సౌర విద్యుత్తు చవకే, పగటిపూట. ఏడాది పొడవునా చూస్తే ప్రపంచంలో జియోథర్మల్ కేంద్రాలు సగటున తమ సామర్థ్యంలో 75 శాతానికి పైగా నడుస్తుంటే, సౌర కేంద్రాలు 15 శాతం లోపే. సాయంత్రం ఏడింటికి లోడు పెరిగినప్పుడు ఆ తేడా బొగ్గు రూపంలోనే మన మీద పడుతోంది.

కాబట్టి అడగాల్సింది చిన్నదే. రానున్న తెలంగాణ బడ్జెట్‌లో సింగరేణికి మూడు కిలోమీటర్ల లోతు అన్వేషణ బావులకు నిధులు ఇవ్వాలి. రిగ్గును ఓఎన్‌జీసీ రాజమండ్రి నుంచి రప్పించాలి. ప్రతి వంద మీటర్లకూ నమోదైన ఉష్ణోగ్రతను బయటపెట్టాలి. మొదటి బావి చల్లగా తేలితే రెండోది తవ్వాలి. ఈ డిమాండు ముందుగా రావాల్సింది సింగరేణి కార్మిక సంఘాల నుంచి. కొత్త గనులు ప్రైవేటుకు వేలం వేస్తున్నారని గొంతెత్తుతున్న సంఘాలు, అన్వేషణ విభాగంలో డ్రిల్లు పట్టిన మనిషికి బొగ్గు తర్వాత ఏ పని అన్న ప్రశ్నను యాజమాన్యంతో జరిగే తర్వాతి చర్చల్లో రాతపూర్వకంగా బల్ల మీద పెట్టాలి. మణుగూరు నుంచే పెట్టాలి.