ముందు నీళ్లు, తరువాత చేప



క్రిందటి శీతకాలములో ఒక ఆదివారము ఆరాధన మొదలు కాకముందు మా సంఘములోని ఒక తల్లి మా చేతికి ప్రార్థన చీటీ ఇచ్చారు. మాకు వచ్చే చీటీలలో సాధారణముగా జ్వరములు, పరీక్షలు, కోర్టు వాయిదాలు, పెండ్లి సంబంధములు ఉంటాయి. ఈ చీటీని మాత్రము రెండుసార్లు చదువుకోవలసి వచ్చింది. అమెరికాలో తమ అబ్బాయి ఇంట్లో పెంచుకొంటున్న సొరచేప చనిపోయిందనీ, పదేండ్ల మనుమడు మూడు రోజులుగా సరిగా అన్నము తినుట లేదనీ, వాని కొరకు ప్రార్థించమనీ వ్రాశారు. చీటీ చదవగానే వెనుక వరుసలో ఎవరో నవ్వారు. మేము పైకి నవ్వలేదు గాని లోపల నవ్వుకున్నామని ఒప్పుకొంటున్నాము.

ఆ సాయంకాలము వారి ఇంటికి వెళ్లాము. ఇంటి పెద్దాయన ముప్పది ఏండ్లకు పైగా రొయ్యల చెరువులు చేస్తున్న రైతు. కుమారునికి అమెరికాలోని ఒహాయో రాష్ట్రములో ఉద్యోగము. ఆ రాష్ట్రమునకు సముద్రము లేదు. ఉప్పుగాలిలో పెరిగిన వానికి అది లోటుగా తోచిందో ఏమో, కుమారునితో కలిసి ఇంటి అడుగు గదిలో ఒక చిన్న సముద్రమునే కట్టుకున్నాడు. అక్కడ అటువంటి దానిని లగూన్ అంటారట. ఉప్పునీటి మడుగు అనుకొందము.

కట్టిన విధము ఆయన మాకు ఫోనులోని ఫోటోలు చూపిస్తూ చెప్పారు. ఆ దేశములో వేసవిలో పిల్లలు ఈదుటకు నేల మీదనే నిలబెట్టుకొనే గుండ్రని ఈతకొలనులు దొరుకుతాయి. గుంట తవ్వనక్కరలేదు. చుట్టూ రేకు గోడ, లోపల పట్టా. వీరు తెచ్చినది పన్నెండడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు. మూడడుగుల మేర నీరు నింపితే 9,600 లీటర్లు, పది టన్నులకు దగ్గర బరువు. అందుచేత మేడ మీద పెట్టే వస్తువు కాదు, కాంక్రీటు గచ్చు మీదనే ఉండాలి. లీటరుకు 35 గ్రాముల లెక్కన ఉప్పు 336 కిలోలు పట్టింది. అది వంట ఉప్పు కాదు. సముద్రపు నీటిలో ఉండే మెగ్నీషియము, కాల్షియము వంటివన్నీ కలిపి అమ్ముతారు. మన ఇండ్లలోని 25 కిలోల బియ్యము బస్తాలతో పోలిస్తే పదమూడు బస్తాలకు పైన! బస్తాలు మోయుటలో మనుమడు కూడా చేయి వేశాడని నానమ్మ గారు చెప్పుకున్నారు.

కొలనుతో వచ్చే పట్టాను వాడలేదు. కొన్ని పట్టాలకు నాచు, బూజు పట్టకుండా మందు వేసి ఉంటారు. అది చేపకు పడదు. చేపల కొలనులకని అమ్మే దళసరి నల్ల రబ్బరు పట్టా వేశారు. కుళాయి నీటిలోని క్లోరిను విరగగొట్టారు. రాగి వస్తువు ఏదీ నీటికి తగలనీయలేదు, ఎందుకంటే సొరజాతికి రాగి ప్రాణము తీస్తుంది. మామూలు చేపల జబ్బుకు వేసే రాగి మందు కూడా వీటికి వేయరాదు. ఇక కరెంటు. సొరచేప మూతి చుట్టూ జిగురుతో నిండిన సన్నని రంధ్రములు ఉంటాయి. ఇసుకలో దాగిన చిన్న ప్రాణి ఒంటిలో పుట్టే అతి స్వల్పమైన విద్యుత్తును అవి పసిగడతాయి. ఇటలీ దేశపు వైద్యుడు లోరెంజీని 1678లోనే వాటిని గూర్చి వ్రాశాడు గాని, అవి దేనికో తెలియుటకు ఇరవయ్యవ శతాబ్దము రావలసి వచ్చింది. నీటిలోని పంపు వైరు కొంచెము లీకైనా, మన చేతికి తెలియక ముందే దానికి తెలిసిపోతుంది. సృష్టికర్త ఒక చేప మూతికి ఇంత పనితనము పెట్టాడా అని మేము కాసేపు ఆ ఫోటోనే చూస్తూ ఉండిపోయాము.

సొర అనగానే మనకు పడవను తిరగవేసేది గుర్తుకు వస్తుంది. వారు తెచ్చినవి వెదురు సొరలు అనే జాతివి. పెరిగితే మూడడుగులు. నేలనంటుకొని ఉంటాయి, పగలు రాళ్ల చాటున పడుకొంటాయి. నిలకడగా ఉండి కూడా నోటితో నీరు లాగి ఊపిరి తీసుకోగలవు గనుక ఎల్లప్పుడూ ఈదనక్కరలేదు. వీటి దగ్గరి జాతి మన తీరములోనూ వలలకు పడుతుంది. “బాలింతలకు పిట్టు చేసి పెట్టేదానికి మా వాడు మెత్తని ఇసుక పరిచి పక్క వేశాడు అయ్యగారూ” అని నానమ్మ గారు అన్నప్పుడు ఆమెకు నవ్వూ వచ్చింది, కన్నీళ్లూ వచ్చాయి.

ఇంతవరకు ఆ అబ్బాయి చేసిన పనిలో వంక పెట్టుటకు లేదు. తప్పు జరిగినది దీని తరువాతనే.

మేత కుళ్లినా, చేప విసర్జించినా నీటిలో అమ్మోనియా పుడుతుంది. ఒక రకము సూక్ష్మజీవులు దానిని నైట్రైటుగాను, మరొక రకము ఆ నైట్రైటును నైట్రేటుగాను మారుస్తాయి. మొదటి రెండూ విషములే. మూడవది కొంతవరకు ఓర్చుకోదగినది, నీరు మార్చుతూ ఉంటే అదుపులో ఉంటుంది. అయితే ఆ సూక్ష్మజీవులు ఫిల్టరులో పట్టి పెరుగుటకు ఆరు వారములు, ఒక్కొక్కసారి ఇంకా ఎక్కువ కాలము కావాలి. అన్ని రోజులూ ఖాళీ కొలనులో చుక్కలు చుక్కలుగా అమ్మోనియా వేసి ఆ కంటికి కనబడని జీవులను మేపాలి. పంపు తిరుగుతుంది, బిల్లు పెరుగుతుంది, చూచుటకు ఒక్క చేప ఉండదు. ఇంత కష్టపడి కట్టినవానికి అన్నిటికంటె కష్టమైన పని అదే.

పిల్లవాని పుట్టినరోజు దగ్గర పడింది. తొమ్మిదవ రోజున తండ్రి రెండు సొరపిల్లలను తెచ్చి వదిలాడు. కొత్త చోటికి వచ్చిన సొర కొన్ని రోజులు మేత ముట్టదు. వీరు భయపడి ఉదయము, సాయంత్రము స్క్విడ్ ముక్కలు, రొయ్యలు వేస్తూనే పోయారు. అవి రాళ్ల వెనుక కుళ్లాయి. ఐదవ నాటి ఉదయమునకు ఒకటి వెల్లకిలా పడి ఉంది. ఏడుస్తున్న బిడ్డను దగ్గరకు తీసుకొని తండ్రి, యేసయ్య దానిని తన దగ్గరకు తీసుకున్నాడని చెప్పాడు. బిడ్డ అన్నము మానినది అప్పటినుండి.

మేము ఆ ఇంట ఉండగానే ఫోను కలిపారు. తెరమీద బిడ్డ ముఖము కనబడింది. మేము ప్రార్థన చేసి, తండ్రి చెప్పిన మాటనే ఇంకొంచెము పెద్ద మాటలలో చెప్పాము. వాడు తనకు వచ్చిన తెలుగులో, “దేవుడికి సముద్రం మొత్తం ఉంది కదా, మా చేప ఎందుకు పాస్టరు గారూ?” అని అడిగాడు. ఆయన మార్గములు మనకు అందవని అన్నాము. పరిచర్యలో ఇన్నేండ్లుగా మా నోటికి అలవాటైన జవాబు అది.

పెద్దాయన మా చేతిలోనుండి ఫోను తీసుకున్నారు.

“ఒరేయ్ అబ్బాయ్, నీళ్లు ఎన్నాళ్లు తిప్పావురా?”

“తొమ్మిది రోజులు నాన్నా.”

“అమ్మోనియా చూశావా?”

కుమారుడు మాట్లాడలేదు.

“తినని మేత తీశావా?”

దానికీ జవాబు లేదు. అప్పుడు ఆయన మనుమని పిలిచి చెప్పిన మాటలను జ్ఞాపకమున్నంత మట్టుకు వ్రాస్తున్నాము. “బాబూ, దేవుడు తీసుకోలేదురా. మీ నాన్న తొందరపడ్డాడు. 1995లో నేనూ ఇదే చేశాను. మన వైపు చెరువులన్నిటికీ తెల్లమచ్చ తెగులు వచ్చింది. నా రొయ్య కూడా పోయింది. అప్పు తీర్చాలన్న ఆత్రంలో చెరువు ఎండబెట్టకుండా, ఆ కాలువ నీళ్లే తోడి మళ్లీ సీడు వేశాను. నలభై రోజులకు మొత్తం పోయింది. దేవుడు కొట్టాడని ఊరంతా చెప్పుకుని తిరిగాను. దేవుడు కొట్టలేదు. నేను చెరువు ఎండబెట్టలేదు, అంతే.”

బిడ్డ కాసేపు ఆలోచించి, “అయితే మేము దానికి సారీ చెప్పాలి కదా తాతయ్యా?” అన్నాడు. చెప్పమన్నారు తాతయ్య. ఆ రాత్రి వాడు అన్నము తిన్నాడని మరునాడు తెలిసింది.

మేము ఇంటికి తిరిగి వచ్చిన తరువాత ఎంతోసేపటికి గాని నిద్ర రాలేదు. చాలా ఏండ్ల క్రితము మేము జరిగించిన ఒక భూస్థాపన గుర్తుకు వచ్చింది. రెండేండ్ల బిడ్డ, ఇంటి వెనుక నీళ్ల తొట్టి. దేవుడు తన తోటకు ఒక పువ్వును కోసుకున్నాడని ఆనాడు ప్రసంగించాము. విన్నవారందరు కన్నీరు పెట్టారు, మంచి వాక్యము అన్నారు. తొట్టికి మూత లేదన్న సంగతి ఆ తల్లికి తెలుసు. ఆ మాట ఆమె ఎవరితోనైనా చెప్పుకొని ఏడ్చుటకు మేము చోటు లేకుండా చేశామా? ఆమె ఆ తరువాత ఆరాధనకు వచ్చుట తగ్గించుకున్నారు. మేము దానిని విశ్వాసములో బలహీనత అనుకున్నాము. మన గ్రహింపునకు అందని మరణములు ఉన్నాయి, వాటి యెదుట నోరు మూసికొనుటే మేలు. అయితే మూత పెట్టవలసిన చోట మేము దేవుని పేరు పెట్టాము. ఈ సంగతిని ఇన్నేండ్లకు ఒక రొయ్యల రైతు మాటలలో తెలుసుకున్నాము. ఆ తల్లి ఇప్పుడు వేరే ఊరిలో ఉన్నారు. ఆమె చిరునామా సంపాదించి ఉత్తరము వ్రాశాము. జవాబు ఇంకా రాలేదు.

ఆ వారము ఆదికాండము మొదటి అధ్యాయమును మరల చదువుకున్నాము. జలములు రెండవ దినమున వేరుపరచబడ్డాయి, మూడవ దినమున ఒక చోట కూర్చబడి సముద్రములని పేరు పొందాయి. చేపలు వచ్చినది ఐదవ దినమున. సర్వశక్తుడు తలచుకొంటే మొదటి దినముననే వేయవచ్చును. ఈ వరుసను ఎన్నో ప్రసంగములలో చదివి వినిపించాము గాని, ఇందులో నీళ్లకిచ్చిన గడువును ఎన్నడూ గమనించలేదు.

ఇక ఒహాయో కబురు. మిగిలిన సొరపిల్లను, ఏండ్ల తరబడి ఇటువంటి కొలను నడుపుతున్న ఒకరి ఇంటికి మార్చారు. కొలనులోని నీరు చాలావరకు తీసివేసి, రాళ్లు కడిగి, మరల మొదటినుండి ఆరంభించారు. ఈసారి లెక్క మనుమని చేతిలో ఉంది. చిన్న గాజు గొట్టములో కొలను నీరు పోసి మందు చుక్కలు వేస్తాడు. పసుపు రంగు వస్తే అమ్మోనియా లేదు. ఆకుపచ్చ ముదిరిన కొద్దీ ఎక్కువ ఉన్నట్లు. ప్రతి శనివారము రాత్రి మన వేళకు ఫోను చేసి తాతయ్యకు రంగు చెబుతాడు. తాతయ్య తన చెరువు లెక్క చెబుతారు. నీరు ఆవిరైతే ఉప్పు మిగిలిపోతుంది గనుక తగ్గిన నీటికి బదులు మంచినీళ్లే పోయాలని, వేసవిలో తన చెరువులో ఉప్పదనము పెరిగే సంగతితో కలిపి చెప్పారు. మంచు తుఫానులో కరెంటు పోతే ఏమి చేస్తావని అడిగి, గాలి ఆడించే పంపుకు బ్యాటరీ కొనిపించారు. ఏరేటరు ఆగిన రాత్రి చెరువు గట్టున పడే పాట్లు తెలిసిన మనిషి కదా! అంతకు ముందు ఆ తండ్రీకొడుకుల మాటలు డబ్బు పంపుట వరకే ఉండేవి. ఇప్పుడు గంటసేపు అమ్మోనియాను గూర్చి మాట్లాడుకొంటున్నారు.

ఇది చదివి ఎవరైనా సొరపిల్ల కావాలని పిల్లలు మారాము చేస్తే మమ్మును నిందించవద్దు. ప్రతి సొరా కొలనులో ఉండేది కాదు. నర్సు సొర అనేదానిని అడుగు పొడవున్నప్పుడు ముద్దుగా కొంటారు, అది తొమ్మిది పదడుగులు పెరుగుతుంది. అప్పుడు దానిని తీసుకొనువారు దొరకరు. తెల్ల సొరను ఉంచుకొనుటకు గొప్ప సంస్థలే తడబడ్డాయి. కాలిఫోర్నియాలోని మాంటెరే బే అక్వేరియమువారు 2004లో ఒక చిన్న తెల్ల సొరను దాదాపు 38 లక్షల లీటర్ల తొట్టిలో ఉంచారు. అది తోటి సొరలను చంపసాగింది. 198 రోజుల తరువాత, 2005లో, దానిని సముద్రములో వదిలిపెట్టారు. నూట నాలుగవ కీర్తనలో మకరము ఆడుకొనే చోటు విశాలమైన సముద్రమని ఉంది గదా. వదిలిపెట్టినవారు మంచి పని చేశారని మా అభిప్రాయము. వెదురు సొర విషయములో కూడా మాకు పూర్తిగా మనసు ఒప్పలేదు. పెద్దాయనతో ఆ మాట అంటే, “నేను లక్షల రొయ్యలను పెంచి అమ్ముకునేవాణ్ని అయ్యగారూ, నన్ను అడగకండి” అన్నారు.

ఎనిమిదవ వారములో వరుసగా ఏడు రోజులు పసుపు రంగే వచ్చింది. నైట్రైటు కూడా లేదు. తండ్రి వెంటనే తెద్దామన్నాడట. మనుమడు ఇంకొక వారము ఆగుదామన్నాడు. తొమ్మిదవ వారము శనివారమున సొరపిల్ల తిరిగి వచ్చింది. నాలుగు రోజులు ఏమీ తినలేదు. వేసిన ముక్క తినకపోతే వెంటనే తీసివేశారు. ఐదవ రాత్రి పట్టకారుతో అందించిన స్క్విడ్ ముక్కను లాక్కుని రాతి క్రిందికి పోయింది. ఆ సంగతి చెప్పుటకు వాడు ఇక్కడి తెల్లవారుజామున నాలుగు గంటలకు ఫోను చేసి తాతయ్యను లేపాడు.

నానమ్మ గారికి మాత్రము ఇంకా కుదుట పడలేదు. పది టన్నుల ఉప్పునీళ్లు ఇంటి అడుగున పెట్టుకొని వాళ్లకు నిద్ర ఎలా పడుతుందోనని క్రిందటి ఆదివారము మరొక చీటీ ఇచ్చారు. ఈసారి మేము నవ్వకుండానే చదివి ప్రార్థన చేశాము.