చలి పైనుంచి కాదు... కిందినుంచి!

డిసెంబరు నెల. శనివారం రాత్రి. లంబసింగి దగ్గర ఓ కాఫీ తోట అంచున నలుగురు స్నేహితులు మకాం వేశారు. ముగ్గురు గుడారంలో దూరారు. నాలుగోవాడికి మాత్రం గుడారం నచ్చలేదు. కొత్తగా కొన్న హ్యామక్... అదే, చెట్లకు కట్టుకునే గుడ్డ ఉయ్యాల... సంచిలోంచి తీశాడు. రెండు చెట్ల మధ్య కట్టాడు. అందులోకి స్లీపింగ్ బ్యాగ్ వేసుకుని, దూరి, మెడదాకా జిప్పు లాక్కున్నాడు. పైన నక్షత్రాలు. కింద మెత్తటి ఊపు. ఆహా, రాజభోగం!

ఒంటిగంటకు మెలకువ వచ్చింది. గుండెల మీద వెచ్చగానే ఉంది. వీపు, పిరుదులు, పిక్కలు మాత్రం ఐసు దిమ్మ మీద పెట్టినట్టున్నాయి. లేచి వెళ్లి ఇంకో దుప్పటి తెచ్చి పైన కప్పుకొన్నాడు. లాభం లేదు. మరొకటి తెచ్చుకున్నాడు. ఊహూ! మూడింటికల్లా పళ్లు టకటకమంటుంటే ఉయ్యాల దిగి, గుడారంలో ముగ్గురి మధ్యా ఇరుక్కున్నాడు.

హ్యామక్‌లో పడుకున్న మొదటి చలి రాత్రి చాలామందికి ఇలాగే తెల్లారుతుంది. చలి ఎక్కువైంది, దుప్పట్లు చాల్లేదు అనుకుంటారు. నిజానికి తప్పు దుప్పటిది కాదు. అది వేసుకున్న చోటుది!

వరమే శాపమైతే...

హ్యామక్ పుట్టింది చలి దేశంలో కాదు. 1492లో కొలంబస్ ఓడలు కరీబియన్ దీవులకు చేరినప్పుడు అక్కడి జనం నూలు వలల్లో పడుకోవడం చూశారు. అక్కడి టైనో జాతి వాళ్లు వాటిని ‘హమాక’ అనేవారు. ఆ మాటే స్పానిష్‌లోకి, అట్నుంచి ఇంగ్లిష్‌లోకి వెళ్లి హ్యామక్ అయింది. ఉక్కపోసే ఆ దీవుల్లో నేలకు ఎడంగా, పురుగూ పుట్రకూ దూరంగా, కిందినుంచి గాలి తగులుతూ నిద్రపోవడానికి అంతకన్నా మంచి పడక ఏముంటుంది?

ఆ కిందిగాలే అక్కడ వరం. కొండమీద చలిరాత్రి అదే శాపం! నేలమీద పడుకుంటే ఒంటికింద నేల ఒక్కటే ఉంటుంది. ఉయ్యాలలో అయితే చల్లటి గాలి ఒంటికింద రాత్రంతా కదులుతూనే ఉంటుంది. ఒంటివేడితో వెచ్చబడిన కాస్త గాలిని ఎప్పటికప్పుడు ఊడ్చుకుపోతూ ఉంటుంది.

ఈ సంగతి ఓడల్లో బతికిన నావికులకు తెలుసు. బ్రిటిష్ నౌకాదళంలో తరాలపాటు నావికుల పడక హ్యామకే. అయితే ఉత్త గుడ్డలో పడుకునేవారు కాదు. అందులో పల్చటి పరుపు పరుచుకుని, పైన దుప్పటి కప్పుకొనేవారు. పొద్దున్నే పరుపుతో సహా చుట్టేసి తాడు బిగించేవారు.

నలిగితే వెచ్చదనం ఉండదు

‘స్లీపింగ్ బ్యాగ్ ఒంటి చుట్టూ ఉంటుంది కదా, కింద కూడా దూది ఉన్నట్టేగా’ అనే అనుమానం రావచ్చు. అక్కడే ఉంది కిటుకు.

రజాయి అయినా, స్వెట్టర్ అయినా, స్లీపింగ్ బ్యాగ్ అయినా తనంతట తాను వేడి పుట్టించదు. దూది పోగుల మధ్య, ఈకల మధ్య, ఉన్ని నూలు మధ్య చిక్కుకున్న కదలని గాలే చలిని ఆపేది. మన ఒంటి వేడిని బయటికి పోనివ్వనిది అదే. ఉబ్బి ఉన్నంతసేపే దూది వెచ్చన. మనిషి బరువు పడగానే వీపు కింది భాగం అప్పడంలా నలిగిపోతుంది. లోపలి గాలంతా బయటికి పోతుంది. ఇక మిగిలేది రెండు పొరల గుడ్డ. అందుకే పైన పది దుప్పట్లు కప్పినా కింది చలి అంగుళం కూడా తగ్గదు!

కొండలదాకా ఎందుకు? గాలి 20 డిగ్రీల దగ్గరికి చేరేసరికే ఉత్త హ్యామక్‌లో చాలామందికి వీపు చల్లబడటం మొదలవుతుంది. మరి అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లి ప్రాంతంలో చలికాలం పాదరసం ఒక్క అంకెలోకి దిగడం మామూలే. సముద్రమట్టానికి దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తున ఉండే లంబసింగికి కొర్రబయలు అనే పేరు కూడా ఉంది. రాత్రి బయట ఉండిపోతే మనిషి కర్రలా బిగుసుకుపోతాడని ఆ పేరుకు అర్థం చెబుతారు. పేరులోనే హెచ్చరిక ఉందన్నమాట!

కింద ఏం వెయ్యాలి?

హ్యామక్‌లో వెచ్చగా పడుకోవడానికి మొదటి సూత్రం ఒక్కటే. ముందు కింద, తర్వాతే పైన. దానికి మూడు దారులున్నాయి.

ఫోమ్ మ్యాట్: అన్నిటికన్నా చవక. బరువు పడినా పెద్దగా నలగని, నీరు పీల్చని గట్టి ఫోమ్ మ్యాట్ తీసుకోవాలి. స్పాంజి పనికిరాదు. అది నలుగుతుంది, తడిస్తే ఆరదు. ఇంట్లో ఉన్న మందపాటి యోగా మ్యాట్‌తో మొదలుపెట్టొచ్చు. ఒక చిక్కుంది. ఉయ్యాల అంచులు రెండు వైపులా భుజాలను నొక్కుతాయి. వెడల్పు తక్కువైన మ్యాట్ వీపును కాపాడుతుంది కానీ భుజాలను వదిలేస్తుంది. అందుకని భుజాల కింద అడ్డంగా ఇంకో ముక్క వేసుకోవాలి. రెండు పొరల హ్యామక్ అయితే మ్యాట్‌ను పొరల మధ్యకు తోసేస్తే రాత్రి జారిపోదు. ఉత్త గాలి నింపే పరుపును మాత్రం నమ్ముకోకూడదు. దానిలోపల గాలి కదులుతూ వేడిని లాక్కుపోతుంది.

గొంగడి: తెలంగాణలో గొల్లకురుమల భుజాన కనిపించే నల్ల గొంగడిని ఈ అవసరానికి మించింది లేదనిపిస్తుంది. దక్కను గొర్రెల ముతక ఉన్ని బరువు పడినా దూదిలా పూర్తిగా చదునైపోదు. కాస్త చెమ్మ తగిలినా వెచ్చదనం పోగొట్టుకోదు. పొడవుగా రెండు మూడు మడతలు వేసి పరుచుకోవాలి. మోయడానికి బరువే. కారులో వెళ్లేవాళ్లకు ఆ దిగులు లేదు.

అండర్‌క్విల్ట్: పేరు కొత్తగా ఉన్నా ఇది కింది బొంతే. అయితే ఉయ్యాల లోపల వేసుకునేది కాదు. బయట, అడుగున వేలాడదీసేది. బరువంతా ఉయ్యాల గుడ్డ మోస్తుంది కాబట్టి బొంత నలగదు. ఉబ్బి ఉబ్బినట్టే ఉంటుంది. ఎక్కువ చలికి ఇదే సరైన మందు. కొనలేకపోతే, పాలిస్టర్ దూది నింపిన పల్చటి రజాయికి పొడవు అంచులవెంట చిన్న చిన్న గుడ్డ ఉచ్చులు కుట్టించి, వాటిలో ఎలాస్టిక్ తాడు దూర్చి, రెండు కొసల్నీ ఉయ్యాల కొసలకు కట్టేయొచ్చు. బొంతకీ ఉయ్యాలకీ మధ్య సందు ఉంటే గాలి దూరుతుంది. మరీ బిగించి కడితే మళ్లీ నలుగుతుంది. ఆనీ ఆననట్టు ఉండాలి. తల, కాళ్ల వైపు అంచుల్ని ముడిచి గాలి దారి మూసెయ్యాలి.

కింద ఏర్పాటు కుదిరాక పైన స్లీపింగ్ బ్యాగ్‌ను పూర్తిగా విప్పి రజాయిలా కప్పుకొంటే చాలు. పాదాల దగ్గర మాత్రం జిప్పు మూసి సంచిలా ఉంచుకోవాలి.

వాలుగా పడుకో, వదులుగా కట్టు

వెచ్చదనం కుదిరినా నడుం నొప్పితో లేస్తే ఏం సుఖం? హ్యామక్ అంటే అరటికాయలా వంగి పడుకోవడమేనని చాలామంది అనుకుంటారు. కాదు. ఉయ్యాల మధ్యగీతకు అడ్డంగా, కొంచెం ఐమూలగా పడుకోవాలి. తల ఒకవైపు, పాదాలు రెండోవైపు జరిపితే గుడ్డ చదునుగా పరుచుకుంటుంది. నడుం నిటారుగా నిలుస్తుంది. పాదాల వైపు కట్టును తలవైపు కన్నా కాస్త ఎత్తున కడితే రాత్రి కిందికి జారిపోవడం ఉండదు.

రెండోది, బిగించి కట్టడం. తాడు ఎంత బిగుతుగా లాగితే అంత చదునుగా ఉంటుందనుకోవడం పొరపాటు. పట్టీ నేలకు దాదాపు 30 డిగ్రీల వాలులో ఉండాలి. 70 కిలోల మనిషి పడుకుంటే అప్పుడు ఒక్కో పట్టీ మీద సుమారు 70 కిలోల లాగుడు పడుతుంది. అదే 10 డిగ్రీలకు బిగిస్తే ఒక్కో వైపు 200 కిలోలు దాటుతుంది! పట్టీ తెగినా, చెట్టు విరిగినా అందుకే. పడుకున్నాక ఉయ్యాల కుర్చీ ఎత్తులో ఉంటే చాలు. అంతకు మించిన ఎత్తు సరదాకు కూడా వద్దు.

సన్నటి తాడు బెరడును కోస్తుంది. వెడల్పు పట్టీలు వాడాలి. కాఫీ తోటల్లో నీడ చెట్లకు మిరియాల తీగలు పాకి ఉంటాయి. అది రైతు పంట. తీగ ఉన్న చెట్టుకు కట్టకూడదు. ఏ చెట్టుకు కట్టాలన్నా ముందు తోట యజమానిని అడగాలి. ఎండిన కొమ్మలున్న చెట్టు కింద అసలే వద్దు.

గాలి ఎటు? వాలు ఎటు?

వాగు పక్కన ఉయ్యాల కడితే ఫొటో బాగా వస్తుంది. నిద్ర మాత్రం రాదు. ఆకాశం తేటగా ఉన్న రాత్రి చల్లగాలి బరువెక్కి కిందికి జారుతుంది. నీళ్లలాగే లోయ అడుగున చేరి నిలుస్తుంది. వాగు పక్కన చెమ్మ కూడా తోడవుతుంది. అందుకే శిఖరం మీదా కాదు, లోయ అడుగునా కాదు... గాలికి చాటున్న నడిమి వాలు మంచిది.

పైన టార్పాలిన్ తప్పనిసరి. వాన లేకపోయినా మంచు కురుస్తుంది. గాలి వచ్చే వైపు దాని అంచును నేలదాకా దించి కడితే సగం చలి అక్కడే ఆగిపోతుంది.

ఒంట్లో నెగడు

పొయ్యిలో కట్టె ఉంటేనే కదా మంట! ఖాళీ కడుపుతో పడుకుంటే ఒళ్లు వేడెక్కదు. పడుకునేముందు నాలుగు వేరుసెనగ గింజలు, ఓ బెల్లం ముక్క నమలడం మేలు. నడిచి చెమటపట్టిన బట్టలు విప్పేసి పొడి బట్టలు వేసుకోవాలి. నూలు బనియను చెమట పీల్చుకుని చల్లబడుతుంది. ఉన్ని మేలు. మంకీ క్యాప్ చూసి నవ్వేవాళ్లను నవ్వనివ్వండి! మూత గట్టిగా ఉన్న సీసాలో వేడినీళ్లు పోసి, మేజోడులో దూర్చి, పొట్ట దగ్గర పెట్టుకుంటే గంటలపాటు హాయి. ముక్కు మాత్రం స్లీపింగ్ బ్యాగ్ బయటే ఉండాలి. లేదంటే ఊపిరి తేమతో లోపలి దూది తడుస్తుంది.

మూత్రం వస్తున్నా చలికి బద్ధకించి పడుకోవడం చాలామందికి అలవాటు. లేచి వెళ్లి రావడమే నయం. ఆ తర్వాతే మంచి నిద్ర పడుతుంది.

ఇక్కడ పౌరుషం పనికిరాదు

చలి అంటే అసౌకర్యమే అనుకుంటే పొరపాటు. ఒంటి లోపలి వేడి 35 డిగ్రీల కన్నా తగ్గితే దాన్ని హైపోథెర్మియా అంటారు. ప్రాణాల మీదికి వస్తుంది. మొదట వణుకు. తర్వాత వేళ్లు మాట వినవు, జిప్పు లాగడం చేతకాదు. మాట ముద్దగా వస్తుంది. నడక తడబడుతుంది. వణుకు ఆగి మత్తుగా ఉందంటే ‘హమ్మయ్య, చలి తగ్గింది’ అనుకోకూడదు. అదే అసలు ప్రమాదం.

అలాంటి మనిషిని గాలి తగలని చోటుకు చేర్చాలి. తడిబట్టలు తీసి పొడివి వెయ్యాలి. కిందా పైనా కప్పాలి. పూర్తి మెలకువతో ఉండి మింగగలిగితే వెచ్చటి తీపి పానీయం పట్టొచ్చు. చేతులూ కాళ్లూ గట్టిగా రుద్దకూడదు. వెంటనే 108కి ఫోన్ చెయ్యాలి.

రెండు పనులు మాత్రం చస్తే చేయకూడదు. ఒకటి, చలికని మందు తాగడం. మద్యంతో చర్మం వెచ్చబడినట్టు అనిపిస్తుంది కానీ లోపలి వేడి బయటికి పోతుంది. రెండు, గుడారంలోనో, నాలుగు వైపులా మూసిన టార్పాలిన్ కిందో బొగ్గుల కుంపటి పెట్టుకోవడం. రంగూ వాసనా లేని కార్బన్ మోనాక్సైడ్ నిద్రలోనే ప్రాణం తీస్తుంది. హ్యామక్ కింద నెగడు వేసినా ముప్పే. ఒక్క నిప్పురవ్వ చాలు, నైలాను గుడ్డ కరిగిపోవడానికి.

కొండకు బయల్దేరేముందు పెరట్లోనో, ఊళ్లో మామిడి తోటలోనో ఓ చలిరాత్రి పడుకుని చూడటం తెలివైన పని. చలేస్తే పది అడుగుల్లో ఇల్లుంటుంది. లంబసింగిలో ఉండదు!

నిజానికి ఈ పాఠం మన ఇళ్లకు కొత్తేమీ కాదు. దూలానికి చీర ఉయ్యాల కట్టి పసిబిడ్డను పడుకోబెట్టే అమ్మ ముందు ఏం చేస్తుంది? మెత్తటి పాతచీరల బొంతను మడిచి చీరలో వేస్తుంది. దానిమీద బిడ్డను పడుకోబెడుతుంది. ఆ తర్వాతే పైన పల్చటి గుడ్డ కప్పుతుంది. ముందు కింద, తర్వాత పైన!

వణుకుతూ గుడారంలో దూరిన ఆ నాలుగోవాడు మర్నాడు అమ్మమ్మకు ఫోన్ చేసి చెబితే ఆమె అడిగే ప్రశ్న ఒక్కటే.

‘‘అన్నీ పైన కప్పుకొన్నావు సరే... కింద బొంత వేసుకున్నావట్రా?’’