మీది మూడో నంబర్ సరే, ఏ లైన్లో?

అమెరికాలో కొత్త ట్రక్కు ఆర్డర్ చేసేవాళ్ళు డీలర్‌ని మొదట అడిగేది "ఎంతకిస్తారు?" అని. నన్నడిగితే అది రెండో ప్రశ్న. మొదటిది "ఈ మోడల్‌లో మీకు నెలకి ఎన్ని బళ్ళు వస్తాయి?" అని ఉండాలి. చిన్న ఊళ్ళో చిన్న డీలర్ అయితే మరీను. ఆ లెక్క చెప్పకుండా అడ్వాన్స్ తీసుకుని, "మీది మూడో నంబర్ సార్" అని నవ్వుతూ చెప్పి పంపించే పద్ధతి తప్పు. అది మోసం అని నేననను. కానీ చూపించాల్సినదాన్ని చూపించకపోవడం, నా దృష్టిలో దానికి పెద్ద దూరం కాదు.

అమెరికా ట్రక్కుల గొడవ మనకెందుకు అంటారా? ఒకటి, మన సీనియర్లు చాలామంది టెక్సస్‌లోనే ఉన్నారు, మనలో కొందరు రేపు వెళ్తారు. రెండోది అసలు కారణం. ఇది చూడ్డానికి బళ్ళ సమస్యలా ఉంటుంది గానీ లోపల పక్కా క్యూ సమస్య. సెకండ్ ఇయర్ డేటా స్ట్రక్చర్స్ చదివినవాడికి వెంటనే అర్థమవుతుంది, ట్రక్కు కొనేవాడికి మాత్రం ఎవరూ చెప్పరు.

ట్రక్కు అంటే ఇక్కడ మన లారీ కాదు, పికప్. ముందు కారులాంటి క్యాబిన్, వెనక ఓపెన్ బెడ్. వాళ్ళకి అది మనకి బైక్‌ ఎంతో అంత. ఫోర్డ్ ఎఫ్ సిరీస్ 1977 నుంచి అక్కడ పికప్‌ల అమ్మకాల్లో మొదటి స్థానంలోనే ఉంది. ఫోర్డ్, జనరల్ మోటార్స్ లాంటి పాత కంపెనీలు బండిని మనకి నేరుగా అమ్మవు. కంపెనీ డీలర్‌కి అమ్ముతుంది, డీలర్ మనకి అమ్ముతాడు. ఫ్యాక్టరీలో తయారయ్యేవి తక్కువై, కావాలనేవాళ్ళు ఎక్కువైనప్పుడు కంపెనీ ఒక్కో డీలర్‌కి ఇన్ని అని వాటా పంచుతుంది. దాన్నే అలొకేషన్ అంటారు. మన ఆర్డర్ ఎంత ముందు ఇచ్చినా సరే, డీలర్ వాటాలో ఖాళీ లేకపోతే అది ఆయన కంప్యూటర్లోనే కూర్చుంటుంది.

ఇదంతా నాకు తెలిసింది మా పెద్దమ్మ కొడుకు వల్ల. అన్నయ్యా వదినా డల్లాస్‌కి ఉత్తరాన ఒక చిన్న టౌన్‌లో ఉంటారు. శని, ఆదివారాలు ఫ్రిస్కో, ఇర్వింగ్ వైపు దోసెల ట్రైలర్ నడుపుతారు. ట్రైలర్, స్టవ్‌లు, నీళ్ళు, పిండి డబ్బాలు అన్నీ కలిపి దాదాపు మూడు టన్నులు. దాన్ని లాగాలంటే పెద్ద పికప్ కావాలి, అందులోనూ టోయింగ్ ప్యాకేజీ ఉన్నదే కావాలి. 2022లో, నేను ఇంటర్ మొదటి సంవత్సరంలో ఉన్నప్పుడు, వాళ్ళ పాత ట్రక్కు గేర్‌బాక్స్ పోయింది. బాగు చేయించే ఖర్చు బండి విలువకి దగ్గరగా ఉందట. సరే కొత్తది కొందామని తమ టౌన్‌లోనే ఉన్న డీలర్ దగ్గర 500 డాలర్లు కట్టారు. మూడో నంబర్ అన్నారు.

మూడు అంటే మనకి ఏమనిపిస్తుంది? టిఫిన్ సెంటర్లో మూడో టోకెన్. ఇంకో ఐదు నిమిషాలు. అన్నయ్య కూడా మహా అయితే రెండు నెలలు అనుకున్నాడు. ఆ రెండు నెలలూ ఒక ఫ్రెండ్ ట్రక్కు అడగడం, అది దొరకని వారం అద్దెకి తీసుకోవడం. అద్దె కట్టిన వారం మిగిలేది ఏమీ ఉండదు. అయినా శుక్రవారం రాత్రి పిండి రుబ్బి పెట్టాక ట్రక్కు లేదని ఆర్డర్లు వదులుకోలేరు కదా. సోమవారం సోమవారం డీలర్‌కి ఫోన్. ఆరు నెలల తర్వాత కూడా నంబర్ మూడే.

చివరికి ఆయన ట్రైలర్ దగ్గరికి రెగ్యులర్‌గా వచ్చే ఒక పెద్దాయన, ట్రక్కులంటే ప్రాణం పెట్టే మనిషి, ఒక మాట చెప్పాడట: "నీ నంబర్ అడక్కు, వాళ్ళ వాటా అడుగు." అడిగితే తేలింది. ఆ డీలర్‌కి అలాంటి ట్రక్కు మూడు నెలలకి ఒకటి వస్తోంది. పైగా అన్నయ్య ఆర్డర్ ఇంకా కంపెనీ దాకా వెళ్ళనే లేదు.

ఈ చివరి ముక్క దగ్గర ఆగాలి. జనరల్ మోటార్స్ వాళ్ళ ఆర్డర్లకి నంబర్లతో స్టేటస్ కోడ్‌లు ఉంటాయి (అన్నయ్యది వేరే కంపెనీ బండి, దాని పేరు అనవసరం, లెక్క మాత్రం ఇంచుమించు ఇదే). డీలర్ ఆర్డర్ రాసుకున్నప్పుడు 1100. కంపెనీ ఒప్పుకుంటే 2000. ప్రొడక్షన్ కంట్రోల్ తీసుకుంటే 3000. బండి తయారైతే 3800. షిప్ అయితే 4200, డీలర్ దగ్గరికి వస్తే 5000, మన చేతికి వస్తే 6000. చక్కటి స్టేట్ మెషీన్, ఎవరు డిజైన్ చేశారో గానీ నాకు భలే నచ్చింది. కానీ కొనేవాడి జీవితం మొత్తం 1100కీ 2000కీ మధ్యలోనే ఇరుక్కుంటుంది. 1100 అంటే డీలర్ దగ్గర ఒక ఎంట్రీ, అంతే. 2000 అంటే డీలర్ తన వాటాలోంచి ఒక బండిని మన పేరు మీద ఖర్చు పెట్టాడు, కంపెనీ ఔనంది అని. అటువైపు ఉంటే ట్రక్కు కోసం ఎదురుచూస్తున్నట్టు. ఇటువైపు ఉంటే ఎదురుచూసే అవకాశం కోసం ఎదురుచూస్తున్నట్టు. బయటినుంచి చూస్తే రెండింటికీ ఒకటే మాట: "ఆర్డర్‌లో ఉంది సార్."

పోనీ ఆ మూడో నంబర్ అయినా నిఖార్సైన నంబరా అంటే అదీ కాదు. ఫోర్డ్‌లో డీలరే తన ఆర్డర్లకి ప్రయారిటీ కోడ్ పెడతాడు, అంకె చిన్నదైతే ముందుకి వెళ్తుంది. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా పర్లేదని మన పెద్దలు అన్నది ఇలాంటిదాన్ని చూసే. దానికి తోడు పార్ట్స్ కొరత ఒకటి. ఫలానా ఇంజను, ఫలానా ప్యాకేజీ దొరకడం లేదనుకోండి, అవి టిక్ పెట్టిన ఆర్డర్లు ఆగిపోతాయి, వెనకున్నవాడు దాటుకుని వెళ్ళిపోతాడు. ఇందులో అన్యాయం ఏమీ లేదు. లేని సామానుతో ఎవడూ బండి కట్టలేడు. 2021లో చిప్‌లు దొరక్క ఫోర్డ్ సగం తయారైన ట్రక్కుల్ని కెంటకీ స్పీడ్‌వే అనే రేస్ ట్రాక్ దగ్గర వరసగా పార్క్ చేసి పెట్టుకుంది. నా బాధ కొరత గురించి కాదు. నా ఆర్డర్‌ని ఆపుతున్నది ఏ టిక్కో నాకు చెబితే అది తీసేసుకుంటాను కదా! సన్‌రూఫ్ కోసం ఎవడైనా ఆరు నెలలు ఆగుతాడా? చెప్పరు. చాలాసార్లు సేల్స్‌మ్యాన్‌కే సరిగ్గా తెలీదు.

చిన్న డీలర్‌ని తిట్టడం తేలిక. నేను ఆయన పక్షమే. చాలా కంపెనీలు వాటా పంచే సూత్రానికి అక్కడ ఒక పేరుంది, "టర్న్ అండ్ ఎర్న్". ఎంత తొందరగా అమ్మితే అన్ని బళ్ళు సంపాదించుకుంటావు అని. వినడానికి న్యాయంగానే ఉంటుంది. కానీ కొరత ఉన్నప్పుడు దీన్ని ఒక లూప్‌లో వేసి నడిపించి చూడండి. నెలకి నలభై అమ్మేవాడికి నలభై వస్తాయి, కాబట్టి మళ్ళీ నలభై అమ్ముతాడు. మూడు నెలలకి ఒకటి వచ్చేవాడు మూడు నెలలకి ఒకటే అమ్మగలడు, కాబట్టి వాడికి మళ్ళీ ఒకటే. ఆ ఊళ్ళో ట్రక్కు కావాలని పదిమంది డబ్బు కట్టి కూర్చున్నా ఆ పదిమందీ లెక్కలోకి రారు, ఎందుకంటే సూత్రం చూసేది అమ్మకాన్ని, ఆకలిని కాదు. రికమెండేషన్ సిస్టమ్స్‌లో మనం కోల్డ్ స్టార్ట్ అంటామే, అదే జబ్బు.

పోనీ పెద్ద డీలర్ దగ్గరికి వెళ్ళొచ్చుగా? వెళ్ళొచ్చు. ఆ కొరత రోజుల్లో చాలాచోట్ల స్టిక్కర్ ధర పక్కనే ఇంకో స్టిక్కర్ ఉండేది. "మార్కెట్ అడ్జస్ట్‌మెంట్" అని పేరు, వేలల్లో డాలర్లు. మన భాషలో మేనేజ్‌మెంట్ కోటా. ఊళ్ళో మొహాలు తెలిసిన చిన్న డీలర్‌కి ఆ పని చెయ్యడం కష్టం, రేపు చర్చిలోనో పిల్లల స్కూల్లోనో కనపడాలి కదా. అందుకే స్టిక్కర్ ధరకే ఇస్తానంటాడు, తీరా చూస్తే ఇవ్వడానికి బండి ఉండదు. ధర తక్కువున్నచోట బండి లేదు, బండి ఉన్నచోట ధర లేదు.

కోటా మాట వచ్చింది కాబట్టి మన ఎంసెట్ కౌన్సెలింగ్ గుర్తు చేసుకోండి (ఇప్పుడు ఈఏపీసెట్ అంటున్నారు, ఇంట్లో మాత్రం ఎవరూ అనరు). దాన్ని మనం తిట్టని తిట్టు లేదు. వెబ్ ఆప్షన్లు పెడుతూ తెల్లారేదాకా కూర్చున్నవాళ్ళం. అయినా ఒక్క విషయం ఒప్పుకోవాలి. మన ర్యాంకు మనకి తెలుసు. ఏ కాలేజీలో ఏ బ్రాంచికి ఎన్ని సీట్లో తెలుసు. కిందటేడు ఆఖరి సీటు ఏ ర్యాంకు దగ్గర ఆగిందో కేటగిరీవారీగా లిస్టు దొరుకుతుంది. సీటు రాకపోతే ఏడుస్తాం, కానీ ఎందుకు రాలేదో తెలిసి ఏడుస్తాం. మూడు నెలల ముందే "ఇది మనకి రాదులే" అని తెలుసుకుని ఇంకోటి పెట్టుకుంటాం. అన్నయ్యకి ఆ అవకాశమే లేకపోయింది. ఆరు నెలల అద్దెలు కట్టిందీ అందుకే.

ఇక మన క్లాసులో ఈ టాపిక్ తెస్తే వచ్చే జవాబు నాకు ముందే తెలుసు: "డీలర్లని తీసెయ్, టెస్లాలాగా నేరుగా అమ్మెయ్." టెక్సస్‌లో డీలర్ల చట్టాల వల్ల టెస్లాకి అది కూడా పూర్తిగా కుదరదు, ఫ్యాక్టరీ ఆస్టిన్‌లోనే ఉన్నా సరే. అది పక్కన పెడదాం. డీలర్ లేనంతమాత్రాన లైన్ నిజాయితీగా ఉంటుందా? సైబర్‌ట్రక్ చూడండి. 2019 నవంబర్లో చూపించారు, 39,900 డాలర్ల నుంచి మొదలన్నారు, 100 డాలర్లకి రిజర్వేషన్ తీసుకున్నారు. డెలివరీలు మొదలైంది 2023 నవంబర్లో. అప్పటికి ప్రకటించిన కనీస ధర 60,990. పైగా ముందు చేతికందినవి 20,000 డాలర్లు అదనంగా కట్టిన ఫౌండేషన్ సిరీస్ బళ్ళు. మధ్యలో డీలర్ లేడు, కమీషన్ లేదు, అయినా డబ్బున్నవాడు లైన్ దాటాడు. డీలర్‌ని తీసేస్తే పోయేది డీలరే. రేపు ఆ టౌన్‌లో గేర్‌బాక్స్ పోతే చూసేవాడు కూడా ఆయనతోపాటే పోతాడు.

నేనడిగేది చాలా చిన్నది. అడ్వాన్స్ రశీదు మీద మూడు విషయాలు అచ్చు వేయాలి: గత ఆరు నెలల్లో ఈ మోడల్‌లో ఈ డీలర్‌కి ఎన్ని వచ్చాయి, నా ముందు ఎంతమంది ఉన్నారు, నా ఆర్డర్ కంపెనీ దాకా వెళ్ళిందా లేదా. ఈ డేటా కొత్తగా సేకరించక్కర్లేదు, వాళ్ళ సిస్టమ్‌లో ఇప్పటికే ఉంది. ఇంకో స్క్రీన్‌లో కొనేవాడికి చూపించడానికి మనలాంటి ఇద్దరు ఇంటర్న్‌లు చాలు. చూపించకపోవడానికి కారణం టెక్నికల్ కాదు. లెక్క చెబితే వచ్చినవాడు పక్క ఊరికి పోతాడని చిన్న డీలర్‌కి భయం. ఆ భయం అర్థమవుతుంది. కానీ ఆ భయానికి అద్దె మా వదిన కట్టకూడదు కదా.

అన్నయ్య చివరికి తన 500 వెనక్కి తీసుకున్నాడు, వాళ్ళు మర్యాదగానే ఇచ్చేశారు. గంటన్నర దూరంలో ఇంకో మధ్యరకం డీలర్‌కి ఫోన్ చేసి ముందు వాటా అడిగాడు, తర్వాత ఏ ఆప్షన్ల వల్ల ఆలస్యమవుతుందో అడిగాడు, ధర ఆఖర్న అడిగాడు. సన్‌రూఫ్ తీసేశాడు, టోయింగ్ ఉంచాడు. పది వారాల్లో బండి వచ్చింది. ఆయిల్ మార్పించడానికి మాత్రం ఇప్పటికీ తమ టౌన్‌లోని ఆ చిన్న డీలర్ దగ్గరికే వెళ్తాడు. అక్కడి సేల్స్‌మ్యాన్‌కి మా వదిన చేసే ఉల్లి దోసె బాగా ఇష్టమట.